ఉద్యోగం మారే మధ్యలో లాంగ్ ట్రిప్: ఆఫర్ చేతిలో పెట్టుకునా, రాజీనామా చేసా, సెలవు పెట్టా? ఏది మేలు?

ఈ మూడు దారులకూ అసలు తేడా తిరిగొచ్చే తేదీ దగ్గర వస్తుంది. ఆఫర్ చేతిలో ఉంటే ఆ తేదీ కొత్త కంపెనీ చెబుతుంది. రాజీనామా చేసి బయల్దేరితే బ్యాంకులో మిగిలిన డబ్బు చెబుతుంది. జీతం లేని లాంగ్ లీవ్ అయితే మంజూరు కాగితం చెబుతుంది. కాబట్టి చూడాలనుకున్న చోటికి నిజంగా ఎన్ని రోజులు కావాలో ముందు లెక్కేసుకుంటే సగం ప్రశ్న అక్కడే తేలిపోతుంది.

రెండు నెలలంటే ఎన్ని రోజులు?

ఎనిమిది వారాల గ్యాప్ అంటే 56 రోజులు. మొదటి ఐదారు రోజులు లాప్‌టాప్ అప్పగింత, పాత కంపెనీ సెటిల్‌మెంట్ కాగితాలు, నిద్ర కరువు తీర్చుకోవడంతోనే గడిచిపోతాయి. చివరి వారం తిరిగొచ్చాక కావాలి: జెట్‌లాగ్, బట్టలు, కొత్త చోట జాయినింగ్ పేపర్లు. ఇక మిగిలేవి 44 రోజులు. ఊరు మారిన ప్రతిసారీ సర్దుకోవడం, చెకౌట్, ప్రయాణం, చెకిన్ కలిపి ఒక పూట నుంచి ఒక రోజు దాకా పోతుంది. 44 రోజుల్లో 20 ఊళ్లు రాసుకున్నవాళ్లు పది పన్నెండు రోజులు సామానుతోనే గడుపుతారు. ఎనిమిది, తొమ్మిది ఊళ్లు చాలు.

ఈ 44 రోజుల్లో పట్టేవి తక్కువేం కాదు. నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ (5,364 మీటర్లు) నడక రానూపోనూ 12-14 రోజులు. వాతావరణం బాగోక, ఆ నడక మొదలయ్యే లుక్లాకు వెళ్లే విమానాలు ఆగిపోవడం మామూలే కాబట్టి ఇంకో మూడు రోజులు ఖాళీగా ఉంచాలి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. రోజులు చాలడం లేదని ఈ ఆగే రోజుల్నే కోసేసేవాళ్లు తలనొప్పి, వాంతులతో మధ్యలోనే దిగి రావాల్సి వస్తుంది. ఫ్రాన్స్ సరిహద్దు దగ్గర మొదలై స్పెయిన్‌లోని సాంటియాగో దాకా సాగే కమీనో ఫ్రాన్సెస్ అనే నడక దారి దాదాపు 780 కిలోమీటర్లు. రోజుకు 20-25 కిలోమీటర్లు నడిస్తే ఐదారు వారాల్లో అయిపోతుంది. అదీ ఇందులో పడుతుంది.

పట్టనివి సీజన్లు కలవని దారులు. దక్షిణ అమెరికా దక్షిణ కొసన ఉన్న పటగోనియాలో నడవడానికి నవంబర్ నుంచి మార్చి దాకా బాగుంటుంది. పెరూ ఆండీస్‌లో పొడి కాలం మే నుంచి సెప్టెంబర్. అక్కడి మచు పిచ్చుకు నడిచి వెళ్లే ‘ఇంకా ట్రైల్’ దారిని ఫిబ్రవరి నెలంతా మూసేస్తారు. రెండూ మంచి సీజన్‌లోనే ఒక్క ట్రిప్‌లో చూడాలంటే మార్చిలో ఒకటి, మేలో ఇంకొకటి పెట్టుకుని మధ్యలో ఏప్రిల్ అంతా గడపాలి, 44 రోజుల్లో అది తీరిగ్గా కుదరదు. రౌండ్ ద వరల్డ్ టికెట్ కూడా అంతే. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ అనే విమాన కంపెనీల కూటములు ఇచ్చే ఈ టికెట్లలో గరిష్ఠంగా 16 విమానాలు, ఏడాది గడువు, తూర్పుకో పడమరకో ఒకే దిశ. దాన్ని ఆరు వారాల్లో కుక్కితే విమానాశ్రయాలు తప్ప ఏం కనబడవు. రెండు నెలలకైతే ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో తిరుగు విమానం ఎక్కే టికెట్ మేలు.

ఆఫర్ చేతిలో ఉంటే

జాయినింగ్ డేట్ సంగతి జీతం మాట్లాడేటప్పుడే తేల్చుకోవాలి. సంతకం పెట్టాక అడిగితే అది కొత్త కోరిక అవుతుంది, ముందే అడిగితే బేరంలో ఒక అంశం. కారణాలు చెప్పుకుంటూ పోనక్కర్లేదు. ‘నోటీస్ అయ్యాక ఎనిమిది వారాలకు, ఫలానా సోమవారం నుంచి రాగలను’ అని తేదీతో చెప్తే చాలు. పది వారాలు అడిగి ఎనిమిదికి దిగడం కూడా నడుస్తుంది.

ఇల్లు అలకగానే పండగ కాదు. చాలా ఆఫర్ లెటర్లలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, మెడికల్, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ అన్న షరతులు ఉంటాయి. మీరు కొండల్లో సిగ్నల్ లేని చోట ఉన్నప్పుడు వెరిఫికేషన్ వాళ్లు పాత డిగ్రీ సర్టిఫికెట్ స్కాన్ మూడు రోజుల్లో పంపమంటారు. అందుకని బయల్దేరే ముందే సర్టిఫికెట్లు, చివరి మూడు జీతపు స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, గుర్తింపు కార్డులు అన్నీ స్కాన్ చేసి క్లౌడ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టాలి. వెరిఫికేషన్ పూర్తయినట్టు మెయిల్ తెప్పించుకోవాలి. ఆ మెయిల్ రాకముందే డబ్బు వాపసు రాని టికెట్లు కొనొద్దు. కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకునే అవకాశం కూడా ఉంటుంది. అందుకే ఈ దారిలో వెళ్లేవాళ్లు కూడా ఒక నెల రెండు నెలల ఇంటి ఖర్చు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి.

ఇంకో చిక్కు, ‘రెండు వారాలు ముందే రాగలరా?’ అన్న ఫోన్. రాలేననడానికి జంకక్కర్లేదు, రాసుకున్న తేదీ రాసుకున్నదే. ఆ తేదీ ఆఫర్ లెటర్‌లో అచ్చయి ఉండాలి, ఫోన్‌లో మాటగా కాదు.

రాజీనామా చేసి వెళ్తే

డబ్బు లెక్క ఇక్కడే తేడా కొడుతుంది. ఇంట్లో ఉంటే నెలకు అయ్యే ఖర్చును 1 అనుకోండి. ట్రిప్‌లో నెలకు విమానాలు, వీసాలు, ఇన్సూరెన్స్ కలిపి సగటున 1.5 అవుతుందనుకుందాం. ఊళ్లో లేకపోయినా ఆగని ఖర్చులు (ఈఎంఐ, అద్దె లేదా గోదాము, పాలసీల ప్రీమియం) నెలకు 0.4.

ఆరు నెలలకు ట్రిప్ 9, ఆగని ఖర్చులు 2.4, తిరిగొచ్చాక ఉద్యోగం దొరికి మొదటి జీతం పడేదాకా 5, అత్యవసరానికి 1. మొత్తం 17.4. అదే ఆఫర్ చేతిలో పెట్టుకుని రెండు నెలలైతే ట్రిప్ 3, ఆగని ఖర్చులు 0.8, మొదటి జీతం దాకా 1.5, అత్యవసరానికి 1. మొత్తం 6.3.

వచ్చే జీతం పోవడాన్ని పక్కన పెడితే, నెలకు ఇంత అని చూసినప్పుడు ఆరు నెలల ట్రిప్పే కాస్త చవక. ఒకే చోట 28 రోజులు దాటి ఉంటే అద్దె గదుల వెబ్‌సైట్లలో నెలవారీ తగ్గింపు తరచుగా దొరుకుతుంది కాబట్టి 1.5 ఇంకా తగ్గొచ్చు. దెబ్బ తగిలేది ఆ 5 దగ్గర. నాలుగో నెలలో ఖాతా చూస్తే బోలెడు డబ్బు కనిపిస్తుంది, ఇంకో దేశం ఎందుకు వదలాలి అనిపిస్తుంది. ఆ 5 తినేసినవాళ్లు తిరిగొచ్చి, మొదట వచ్చిన ఆఫర్‌కే తల ఊపాల్సి వస్తుంది. కాబట్టి ఆ డబ్బు వేరే ఖాతాలో, డెబిట్ కార్డు లేని డిపాజిట్‌లో ఉండాలి.

రాజీనామాకు ముందే కానివ్వాల్సినవి: క్రెడిట్ కార్డు కావాలంటే జీతం పడుతుండగానే దరఖాస్తు చేయాలి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఏ రోజుతో ముగుస్తుందో అడిగి, ఆ మర్నాటి నుంచి సొంత పాలసీ మొదలయ్యేలా చూసుకోవాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరు. ఏడాది పొడవునా వర్తించే మల్టీ ట్రిప్ పాలసీలో ఒక్కో ట్రిప్‌కు 30, 45, 60 ఇలా రోజుల పరిమితి ఉంటుంది, 61వ రోజు కాలు విరిగితే పైసా రాదు. లాంగ్ ట్రిప్‌కు ఒకే ట్రిప్ పాలసీ తీసుకోవాలి. ట్రెకింగ్ ఎత్తు పరిమితి, హెలికాప్టర్ ఖర్చు, మోటార్‌సైకిల్ షరతు మూడూ చదవాలి. మీ లైసెన్స్‌లో బైక్ లేకుండా అద్దె బైక్ నడిపి పడితే క్లెయిమ్ కొట్టేస్తారు.

ఫోన్ నంబర్ గురించి ఎవరూ ముందు ఆలోచించరు. బ్యాంకు ఓటీపీలన్నీ ఇంటి సిమ్‌కే వస్తాయి. నెలల తరబడి రీఛార్జ్ లేకపోతే ఆ నంబర్ రద్దవుతుంది, దాంతో డబ్బు మొత్తానికి తాళం పడిపోతుంది. ఇంటి సిమ్‌ను రోమింగ్‌లో ఓటీపీలకు మాత్రం బతికించి, డేటాకు ఈసిమ్ వాడాలి. బయల్దేరే ముందే విదేశంలో ఓటీపీ వస్తుందో లేదో బ్యాంకును, టెలికాం కంపెనీని అడిగి తేల్చుకోవాలి.

యూరప్‌లో ఎక్కువ రోజులు గడపాలనుకునేవాళ్లకు షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) లెక్క నోటికి రావాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే, దిగిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మార్చి 1న దిగి మే 29న బయటపడితే సరిగ్గా 90 (31+30+29). మళ్లీ అడుగు పెట్టగలిగేది ఆగస్టు 28న. ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కేస్తే మార్చి 2 వస్తుంది, అంటే వాడినవి 89, ఆ రోజుతో కలిపి 90. మధ్యలో ఒక రోజు సరిహద్దు దాటి వస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందన్నది అపోహ. పాత ట్రావెల్ పుస్తకాలు మళ్లీ లోపలికి వెళ్లేదాకా ఆగాల్సిన ఈ మూడు నెలలు క్రొయేషియాలోనో, బల్గేరియా, రొమేనియాల్లోనో గడపమంటాయి. ఇప్పుడది కుదరదు: క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, మిగతా రెండూ 2025 జనవరి 1 నుంచి పూర్తిగా లోపలే ఉన్నాయి. అల్బేనియా, సెర్బియా, టర్కీ, జార్జియా బయట ఉన్నాయి. స్టిక్కర్ వీసా అయితే దానిపై అచ్చయిన రోజులే చెల్లుతాయి, అవి 90 కంటే తక్కువ ఉండొచ్చు.

సెలవు పెట్టి వెళ్తే

కాగితం మీద ఇదే అన్నిటికన్నా భద్రం. కుర్చీ మీదే, బీమా చాలాచోట్ల కొనసాగుతుంది. కాకపోతే ‘అదే పోస్టు’ అని రాశారా, ‘సమానమైన పోస్టు’ అని రాశారా చూడాలి. రెండోదైతే తిరిగొచ్చేసరికి టీమ్, మేనేజర్ మారిపోయి ఉండొచ్చు. బీమా ప్రీమియం ఎవరు కడతారు, సర్వీసు లెక్కలో సెలవు కలుస్తుందా, కంపెనీ ఇస్తానన్న షేర్లు విడతలుగా మీ సొంతమవడం (వెస్టింగ్) ఆగుతుందా, వచ్చాక ఇన్ని నెలలు పనిచేయాలన్న బాండ్ ఉందా అన్నవి మెయిల్‌లో రాయించుకోవాలి. ఉద్యోగం మారాలని గట్టిగా ఉన్నవాళ్లకు ఈ దారి అనవసరం. సెలవంతా ‘మానేస్తున్నానని తిరిగి వెళ్లాక చెప్పాలా, ముందే చెప్పాలా’ అన్న గుంజాటనే.

వీసా దగ్గర ఎవరు గెలుస్తారు?

వీసా అక్కర్లేని పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఇది దాటేయొచ్చు. మిగతావాళ్లకు పెద్ద తేడా ఇక్కడే. చాలా దేశాలు అడిగేది తిరిగి వెళ్తారన్న నమ్మకం. సెలవు మంజూరు లేఖ అన్నిటికన్నా బలమైన రుజువు. జాయినింగ్ డేట్ అచ్చయిన ఆఫర్ లెటర్ దానికి దగ్గర్లోనే ఉంటుంది. రాజీనామా చేసినవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్తి, కుటుంబం, తిరుగు టికెట్ పేర్చి చూపించాలి. దరఖాస్తు నాటికి ఉద్యోగం లేకపోతే ఉందని రాయొద్దు. కంపెనీకి ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది, ఆ తిరస్కరణ రికార్డులో ఉండిపోతుంది.

షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. నిర్ణయం మామూలుగా 15 రోజుల్లో వస్తుంది, 45 దాకా సాగొచ్చు. ‘దారిలో వేస్తాంలే’ అనుకోవద్దు. నివాస అనుమతి లేని మూడో దేశంలో దరఖాస్తు సాధారణంగా తీసుకోరు. పాస్‌పోర్టుకు ఆరు నెలల చెల్లుబాటు బయల్దేరే రోజుకు ఉంటే సరిపోదు, ట్రిప్‌లో చివరి దేశంలో దిగే రోజుకు ఉండాలి. కొన్ని దేశాలు అడిగే ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ టీకా వేయించుకున్న పదో రోజు నుంచి చెల్లుతుంది, ఇక జీవితాంతం సరిపోతుంది.

మరి ఏది?

చాలామందికి ఆఫర్ చేతిలో పెట్టుకుని ఎనిమిది వారాలే మేలు. ట్రెక్ ఒకటి, రెండు మూడు దేశాలు నింపాదిగా చూసి రావడానికి ఆ గ్యాప్ చాలు. రాజీనామా బాట రెండు షరతులూ నెరవేరితేనే: అనుకున్న దారి మూడు నెలల లోపు పట్టదని క్యాలెండర్ మీద తేలాలి, తిరిగొచ్చాక మొదటి జీతం దాకా కావాల్సిన ఆ 5 వేరే ఖాతాలో పడి ఉండాలి. ఒక్కటే నెరవేరితే ట్రిప్ కుదించుకోవాలి.

రాజీనామా బాటలో వెళ్లినవాళ్లు తిరుగు విమానం కంటే ఎనిమిది వారాల ముందే దరఖాస్తులు మొదలుపెట్టాలి. చివరి మూడు వారాలకు ఊళ్లు తిరగడం ఆపి ఒకే గది తీసుకోవాలి: కంపెనీలున్న చోటుకు రెండు మూడు గంటల తేడాలో ఉండే టైమ్‌జోన్, మంచి నెట్, తలుపు మూసుకుంటే నిశ్శబ్దం. హాస్టల్ డార్మిటరీలో మంచం మీద కూర్చుని ఇచ్చిన ఇంటర్వ్యూలో వెనక ఎవరో హెయిర్ డ్రయ్యర్ ఆన్ చేస్తారు. రెజ్యూమెలో గ్యాప్‌కు ఒక్క లైన్ చాలు: ‘ప్రయాణ విరామం’, నెలలు, సంవత్సరం. ఎన్ని దేశాలో రాయనక్కర్లేదు, అడిగితే చెప్పొచ్చు.