పోల్ ప్యాడ్ రివ్యూ: నెట్ పోయినా లెక్క నిలుస్తుందా?

అమెరికాలో ఓటరు చేతికి బ్యాలెట్ రావాలంటే ముందు ఒక బల్ల దగ్గర ఆగాలి. అక్కడి పోల్ వర్కర్ పేరు, చిరునామా సరిచూసి, సంతకం పెట్టించుకుని, ఓటరు వచ్చినట్టు నమోదు చేస్తారు. మన దగ్గర ఒక అధికారి జాబితాలో పేరు కింద ఎర్ర సిరాతో గీత గీస్తారు, ఇంకో అధికారి 17ఎ రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటారు. ఆ రెండు పనుల్నీ ఒకే తెర మీద చేసేది ఈ-పోల్‌బుక్. వాటిలో బాగా వాడకంలో ఉన్నది సెయింట్ లూయిస్‌కు చెందిన నోఇంక్ కంపెనీ తయారుచేసిన పోల్ ప్యాడ్. ఐప్యాడ్, దాన్ని ఓటరు వైపు తిప్పే స్టాండ్, స్టైలస్, చిన్న ప్రింటర్, వెనకాల అన్నింటినీ గమనించే ఈపల్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ కలిస్తే పోల్ ప్యాడ్. జార్జియా 2020లో దీన్ని రాష్ట్రమంతటా పెట్టింది. కౌంటీ ఐటీ విభాగాల్లో, టెస్టింగ్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, పోల్ వర్కర్లుగా వెళ్లేవాళ్లూ పెరుగుతున్నారు. ఈ రివ్యూ వాళ్ల కోసం.

వాడుక విషయంలో పెద్దగా వంక పెట్టడానికి లేదు. డ్రైవింగ్ లైసెన్స్ వెనక ఉండే పీడీఎఫ్417 బార్‌కోడ్‌ను కెమెరాకు చూపిస్తే పేరు తెర మీదికి వస్తుంది. అక్షరాలు పెద్దవి, బటన్లు తక్కువ. 70 ఏళ్ల పోల్ వర్కర్ కూడా ఒక్క పూట శిక్షణతో నేర్చుకోగలరు. ఒక్కో ఓటరుకు నిమిషంన్నర పడితే ఒక పరికరం గంటకు 40 మందిని పంపుతుంది. అదే రెండున్నర నిమిషాలైతే 24 మందే. ఎన్నికల నిర్వహణపై అధ్యక్షుడు నియమించిన కమిషన్ 2014 నివేదికలో ఏ ఓటరూ అరగంటకు మించి నిలబడకూడదంది. ఆ గడువు నిలబడేదీ కూలేదీ ఎక్కువగా ఈ బల్ల దగ్గరే.

అయితే డెమోలో కనిపించే వేగాన్ని చూసి కొనేయకూడదు. ఓటింగ్ యంత్రాలకున్న ఫెడరల్ ప్రమాణాలు, అంటే వీవీఎస్‌జీ, పోల్‌బుక్కులకు వర్తించవు. ఎన్నికల సహాయ కమిషన్ ఈస్టెప్ పేరుతో విడిగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది కానీ అది స్వచ్ఛందం. కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి రాష్ట్రాలు సొంతంగా ధ్రువీకరిస్తాయి. ఇండియానా తరఫున బాల్ స్టేట్ యూనివర్సిటీలోని వీస్టాప్ బృందం పరీక్షలు చేస్తుంది. సర్టిఫికెట్ ఉన్నా లేకున్నా, మీ కౌంటీ జాబితాతో మీ కౌంటీ ప్రింటర్లు, మీ కౌంటీ నెట్‌వర్క్ మీద పరీక్షించాల్సింది మీరే. 2019 శరదృతువులో ఫిలడెల్ఫియా ఆ పని చేసింది. పరీక్షల్లో లోపాలు కనబడగానే ఆ నవంబర్ ఎన్నికల నుంచి కొత్త ఈ-పోల్‌బుక్కులను పక్కన పెట్టింది. ఒప్పందం కుదిరాక ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. మిగతా కౌంటీలు నేర్చుకోవాల్సింది అదే.

జాబితా ఎక్కించేటప్పుడు

మొదట రాష్ట్ర డేటాబేస్ నుంచి వచ్చిన ఫైల్‌లో ఎన్ని వరుసలున్నాయో, పరికరంలో ఎంతమంది ఓటర్లు కనిపిస్తున్నారో పోల్చాలి. ఒక్క వరుస తేడా వచ్చినా ఆగాలి. పేరులో కామా ఉండటమో, ఫైల్ ఎన్‌కోడింగ్ కుదరకపోవడమో సాధారణంగా కారణం. ఆపైన మెయిల్ బ్యాలెట్ పంపినవారు, అది తిరిగొచ్చినవారు, ముందస్తుగా ఓటేసినవారు, ఇనాక్టివ్‌లో (జాబితాలో ఉన్నా చాలాకాలంగా ఓటేయనివారి విభాగంలో) ఉన్నవారు, మొదటిసారి కాబట్టి గుర్తింపు చూపాల్సినవారు — ఒక్కో రకం నుంచి కనీసం ఇద్దరిని తెరిచి, తెర సరైన సందేశం ఇస్తోందో లేదో చూడాలి.

పాత డేటా పూర్తిగా పోయిందా అన్నది విడిగా చూడాలి. 2016 నవంబర్‌లో నార్త్ కరోలినాలోని డర్హమ్ కౌంటీలో ఓటు వేయనివారిని కూడా ల్యాప్‌టాప్ పోల్‌బుక్కులు ఓటేసినట్టు చూపాయి. కౌంటీ అప్పటికప్పుడు కాగితానికి మారాల్సి వచ్చింది. అవి వేరే కంపెనీవి. తర్వాతి విచారణల్లో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) నాటి డేటాను కొన్ని ల్యాప్‌టాప్‌ల నుంచి తుడవలేదని, సిబ్బంది వాడకంలో పొరపాట్లు జరిగాయని తేలింది. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఆ యంత్రాలను పరిశీలించి, చొరబాటు జరిగినట్టు ఆనవాళ్లు లేవని 2019లో చెప్పింది. ఎవరూ హ్యాక్ చేయకుండానే ఒక కౌంటీ పొద్దంతా అతలాకుతలమైంది. సీల్ వేసే ముందు ప్రతి పరికరంలో చెక్-ఇన్ సంఖ్య సున్నా అని చూపే తెరను ఫొటో తీసి, సీరియల్ నంబర్‌తో సహా దాచమని చెప్పేది ఇందుకే.

జార్జియా పద్ధతిలో ఇంకో మెట్టు ఉంది. పోల్ ప్యాడ్ ఒక స్మార్ట్ కార్డు మీద ఓటరుకు చెందిన బ్యాలెట్ రకాన్ని రాస్తుంది, ఆ కార్డు పెడితేనే ఓటింగ్ యంత్రం సరైన బ్యాలెట్ చూపుతుంది. ఒకే ప్రిసింక్ట్‌లో, అంటే ఒక పోలింగ్ కేంద్రానికి కేటాయించిన ప్రాంతంలో, వీధికి అటు ఒక స్కూల్ బోర్డు, ఇటు ఇంకో స్కూల్ బోర్డు ఉంటే అక్కడ రెండు బ్యాలెట్ రకాలుంటాయి. ఒక్కో రకానికి ఒక్కో కార్డు రాయించి, యంత్రంలో పెట్టి, తెర మీద ఏ పోటీలు వచ్చాయో కళ్లతో చూడాలి. కార్డు రాశాక తెర ఆకుపచ్చ టిక్ చూపిందంటే రాయడం పూర్తయిందని మాత్రమే అర్థం, సరైన బ్యాలెట్ రాసిందని కాదు.

పేర్లు

మన పేర్లతో పరీక్షిస్తే ఏ పోల్‌బుక్ సత్తా ఏపాటిదో తెలిసిపోతుంది. వెంకట సత్యనారాయణ మూర్తి లాంటి పేరు లైసెన్స్‌లో ఒకలా, ఓటరు జాబితాలో ఇంకోలా ఉంటుంది. ఒకచోట వెంకట మొదటి పేరైతే మరోచోట మధ్య పేరు. ఇంటిపేరు ముందుకో వెనక్కో పోతుంది. పొడుగు పేర్లను కార్డు బార్‌కోడ్ కత్తిరిస్తుంది. కత్తిరించిందో లేదో చెప్పే ఫీల్డులు ఆ బార్‌కోడ్ ప్రమాణంలోనే ఉన్నాయి కానీ, సాఫ్ట్‌వేర్ వాటిని చదివి, మొదటి అక్షరాలతో వెతుకుతోందా అన్నది మనం చూడాలి. స్కాన్‌లో దొరక్కపోతే పోల్ వర్కర్ నేరుగా ప్రొవిజనల్ బ్యాలెట్ (అర్హత తేలాకే లెక్కించేది) ఇచ్చేస్తే అది ఆ ఓటరుకు జరిగే నష్టం. ఇంటిపేరులో మూడు అక్షరాలు, పేరులో రెండు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కొట్టి వెతకడం శిక్షణలో తప్పనిసరి చేయాలి. ఒకే ఇంట్లో ఒకే పేరున్న తండ్రీకొడుకులను టెస్ట్ జాబితాలో పెట్టి, పుట్టిన తేదీ జాబితా తెరలోనే కనబడుతోందా, ఇంకో నొక్కు నొక్కాకే కనబడుతోందా చూడండి. ఇంకో నొక్కు అవసరమైతే రద్దీ వేళ దాన్ని ఎవరూ నొక్కరు.

సింక్: అసలు పరీక్ష ఇదే

ముందు మీ కౌంటీ పద్ధతి ఏదో తేల్చుకోవాలి. ఓటరు తన ప్రిసింక్ట్‌లోనే ఓటేయాలంటే ఒక గదిలోని నాలుగు పరికరాలు తమలో తాము మాట్లాడుకుంటే చాలు. కౌంటీలో ఎక్కడైనా ఓటేయొచ్చనే ఓట్ సెంటర్ల పద్ధతిలో వందలాది పరికరాలు క్షణక్షణం ఒకే మాట మీద ఉండాలి. ఈ రెండో పద్ధతి పుట్టిల్లు కొలరాడోలోని లారిమర్ కౌంటీ, 2003లో. అక్కడ నడిచింది కదా అని 2006లో డెన్వర్ కూడా మొదలుపెట్టింది. కేంద్ర సర్వర్ మీద నడిచే పోల్‌బుక్ తట్టుకోలేక అన్ని సెంటర్లూ ఒకేసారి నత్తనడక నడిచాయి. వేలమంది ఓటేయకుండానే వెనుదిరిగారు. కొన్ని నెలల్లోనే నగర ఎన్నికల కమిషన్‌నే ఓటర్లు రద్దు చేశారు. 2020 మార్చి 3న లాస్ ఏంజెలెస్ కౌంటీలో 50 లక్షలకు పైగా పేర్లున్న జాబితాతో పోల్ ప్యాడ్లు పెట్టారు. గంటలకొద్దీ క్యూలు కట్టాయి. పోల్‌బుక్కుల సింక్ సమస్యే అందుకు ముఖ్య కారణమని కౌంటీ తన నివేదికలో రాసుకుంది.

అందుకే ఈ పరీక్షను కంపెనీ ప్రతినిధి చేత కాకుండా మీ చేత్తోనే చేయండి. రెండు పరికరాలు తీసుకోండి, ఎ, బి అనుకుందాం. రెండింటినీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఐప్యాడ్‌లో ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసినా బ్లూటూత్ వెలిగే ఉండొచ్చు. పైనుంచి లాగే కంట్రోల్ సెంటర్‌లో దాన్ని నొక్కితే తాత్కాలికంగా తెగుతుందే తప్ప ఆరిపోదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి వైఫై, బ్లూటూత్ రెండూ ఆపాలి, లేకపోతే పక్కపక్కన ఉన్న పరికరాలు మనకు తెలియకుండానే మాట్లాడుకుని పరీక్ష పాసైనట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఎ మీద 20 మందిని, బి మీద 20 మందిని చెక్-ఇన్ చేయండి. అందులో ముగ్గురు రెండు వైపులా ఉండాలి. ఈ జాబితాలో లేని ఇంకొకరిని ఎ మీద చెక్-ఇన్ చేసి, రద్దు చేసి, బి మీద మళ్లీ చెక్-ఇన్ చేయండి. ముందు బి ని నెట్‌లోకి తెచ్చి, పది నిమిషాలు ఆగి ఎ ని తీసుకురండి. సర్వర్ లాగ్‌లో, అంటే జరిగిన ప్రతి పనినీ రాసుకునే చిట్టాలో, 43 వరుసలుండాలి, చెక్-ఇన్ అయిన మనుషులు 38 మంది ఉండాలి, రెండుసార్లు వచ్చిన ముగ్గురినీ విడిగా ఎత్తి చూపాలి. చివరి వ్యక్తి ఓటేసినట్టే ఉండాలి. లాగ్‌లో 40 వరుసలే ఉన్నాయంటే జంట నమోదుల్లో ఒకదాన్ని సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయకుండా మింగేసింది. అది ఫెయిల్, ఇంకో మాట లేదు. ఆలస్యంగా వచ్చిన ఎ పరికరం రద్దు నమోదు, బి మీది చెక్-ఇన్‌ను చెరిపేయడం కూడా ఇక్కడే బయటపడుతుంది.

ఇదే పరీక్షను ఎ గడియారం 15 నిమిషాలు ముందుకు జరిపి మళ్లీ చేయండి. చివరగా రాసిందే నిజమనే సూత్రం మీద నడిచే సాఫ్ట్‌వేర్ గడియారం తప్పితే తప్పుడు నమోదును నిలబెడుతుంది. నవంబర్ ఎన్నికలకు ఇది ఊహాజనిత ప్రమాదం కాదు. చాలా ఏళ్లలో పోలింగ్ మంగళవారానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఆదివారం నాడు గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. 2024లో కూడా నవంబర్ 3న గంట మారింది, 5న పోలింగ్. అక్టోబర్‌లో ప్యాక్ చేసిన పరికరం మంగళవారం ఉదయం పెట్టెలోంచి బయటికొస్తుంది. టైమ్ జోన్ సరిగ్గా పెట్టి ఉంటే దానంతటదే సర్దుకుంటుంది, టైమ్‌ను చేత్తో పెట్టినదైతే తప్పుగా ఉండిపోవచ్చు.

చివరగా లోడ్. నెట్ అరగంట ఆపి, పరికరాలన్నీ ఒకేసారి తిరిగి వచ్చేలా చేయండి. సర్వర్ కూలేది మామూలు రద్దీకి కాదు, ఈ వెల్లువకే.

కరెంటు, ప్రింటర్, కాగితం

ఐప్యాడ్ బ్యాటరీకి యాపిల్ చెప్పేది పది గంటలు. జార్జియాలో పోలింగ్ 12 గంటలు, న్యూయార్క్‌లో 15. ఛార్జర్, పొడుగు ఎక్స్‌టెన్షన్ తీగ, నేల మీద తీగను అతికించే టేప్ కిట్‌లో ఉండాల్సిందే. ఒకే గదిలో నాలుగు బ్లూటూత్ ప్రింటర్లుంటే జతలు మారిపోతాయి, ఒకరి చీటీ పక్క బల్ల మీద వస్తుంది. ప్రింటర్‌కు, ప్యాడ్‌కు ఒకే రంగు స్టిక్కర్ అంటిస్తే చాలు.

కాగితపు జాబితా విషయంలో మాత్రం రాజీ పడకూడదు. దాన్ని ఎప్పుడు ముద్రించారన్నదే ముఖ్యం. ముందస్తు ఓటింగ్ ముగియకముందే ముద్రిస్తే చివరి రోజుల్లో ఓటేసినవారు అందులో ఖాళీగానే కనిపిస్తారు. జార్జియాలో 2020 సెప్టెంబర్‌లో ఫెడరల్ జడ్జి ఎమీ టోటెన్‌బర్గ్ తాజా కాగితపు జాబితా ప్రతి కేంద్రానికీ ఇవ్వాలని ఆదేశించింది ఈ కారణంగానే. పై కోర్టు ఆ ఆదేశాన్ని నిలిపేసింది. చట్టం అడిగినా అడగకపోయినా, శుక్రవారం ముందస్తు ఓటింగ్ ముగిశాక వారాంతంలో ముద్రించే ఏర్పాటు జార్జియాలో ఏ కౌంటీకైనా సాధ్యమే.

రాత్రి లెక్క

మన దగ్గర 17ఎ లో ఎంతమంది సంతకం పెట్టారో, కంట్రోల్ యూనిట్ ఎన్ని ఓట్లు చూపుతోందో 17సి లో పక్కపక్కన రాస్తారు. సంతకం పెట్టి ఓటేయనని వెళ్లిపోయినవారికి 49-ఓ నిబంధన కింద వివరం రాస్తారు. అమెరికాలోనూ చెక్-ఇన్లు, బ్యాలెట్లు సరిచూడాలి. చెక్-ఇన్ అయి క్యూలోంచి వెళ్లిపోయినవారు, పాడైన బ్యాలెట్ మార్చుకున్నవారు, చెక్-ఇన్ రద్దయ్యాక కూడా ఓటేసినవారు తేడాకు కారణాలు. ఇవన్నీ తేల్చాలంటే లాగ్‌లో పరికరం నంబర్, సమయం, చేసిన పని, రద్దు చేసింది ఎవరు, ఎందుకు అన్నవి ఉండాలి. కొనే ముందు కంపెనీని మాదిరి లాగ్ ఫైల్ అడగండి. కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా మామూలు స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకోకపోతే ఒప్పందంలో ఆ షరతు రాయించండి.

ప్రిసింక్ట్ పద్ధతి కౌంటీకి పోల్ ప్యాడ్ కొనదగినదే, పైన చెప్పిన 43 వరుసల పరీక్ష పాసైతే. ఓట్ సెంటర్ల కౌంటీ అయితే పూర్తి జాబితాతో, పూర్తి పరికరాల సంఖ్యతో ఒక రోజంతా మాక్ పోలింగ్ జరిపాకే సంతకం పెట్టాలి. తెలంగాణలో 2020 జనవరి మున్సిపల్ ఎన్నికలప్పుడు ఓటరు ముఖ గుర్తింపును రాష్ట్రమంతటా రుద్దకుండా, కొంపల్లిలో పది పోలింగ్ కేంద్రాల్లోనే ప్రయోగించారు. ముఖ గుర్తింపు వాడొచ్చా అన్నది వేరే చర్చ, చిన్నగా మొదలుపెట్టడం మాత్రం సరైన పద్ధతి.

ఒప్పందంలో పరికరాల విరమణ గురించి కూడా ఒక క్లాజు ఉండాలి. 2017లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సుకు తెచ్చిన ఎక్స్‌ప్రెస్ పోల్ అనే ఒక పాత ఈ-పోల్‌బుక్ యంత్రంలో టెనెసీలోని షెల్బీ కౌంటీకి చెందిన 6,54,517 మంది ఓటర్ల వివరాలు అలాగే ఉన్నాయి. అమ్మేముందు ఎవరూ తుడవలేదు. ఐప్యాడ్ అయితే ఎరేజ్ ఆల్ కంటెంట్ చేయించి, మెమరీ కార్డు ఉన్న పరికరమైతే కార్డును ముక్కలు చేయించి, సీరియల్ నంబర్ వారీగా ధ్రువపత్రం తీసుకున్నాకే చివరి చెల్లింపు విడుదల చేయాలి.