కాజీపేట–హన్మకొండ–వరంగల్: మెట్రో నియోనా, లోకల్ ట్రైనా, బస్సా? ఏది మేలు?

మొన్న సికింద్రాబాద్‌ల ట్రైన్ ఎక్కితే 132 కిలోమీటర్లు రెండు గంటలల్ల వచ్చి కాజీపేటల దిగిన, ఆడికెళ్లి కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్‌రోడ్ పోనీకి ముప్పావు గంట పట్టింది. షేర్ ఆటోల డ్రైవర్ పక్కన సగం లోపట సగం బయట కూసున్న, ఒళ్లె బ్యాగు, ఫాతిమా నగర్ బ్రిడ్జి కాడ ముంగట లారీ పొగ. ఎనకాల కూసున్న పెద్దాయన "మెట్రో వస్తే ఈ గోస ఉండదు బిడ్డా" అన్నడు. నిజంగ ఉండదా అని అప్పటిసంది ఆలోచిస్తున్న.

మనకు అనుకున్నది హైదరాబాద్ లెక్క మెట్రో కాదు, మెట్రో నియో. పేరుకే మెట్రో, పట్టాలుండవు. రబ్బరు టైర్ల పొడుగు బస్సే, పైన తీగలకెళ్లి కరెంటు తీసుకుంటది, దానికి వేరే దారి ఉంటది. కాజీపేట స్టేషన్ నుంచి హన్మకొండ మీదుగ వరంగల్ స్టేషన్ దాక, సుమారు 15 కిలోమీటర్లు అని ప్లాన్. కాయితం మీద మస్తుంటది. కానీ ఆ వేరే దారి యాడికెళ్లి తెస్తరు? హన్మకొండ చౌరస్తా నుంచి ఎంజీఎం దవాఖాన దిక్కు రోడ్డు వెడల్పు మనకు తెల్వందా, నడుమ పిల్లర్లు లేపితే కింద ఉన్న జాగ ఇంకింత తగ్గుతది, లేపకుంటే దుకాణాలు పోతయి. రెండిట్ల ఏదైనా కోట్ల ముచ్చటే, ఏండ్ల ముచ్చటే.

ఇగ లోకల్ ట్రైన్. 2003ల హైదరాబాద్‌ల ఎంఎంటీఎస్ పెట్టినట్టు మనకూ పెట్టాలె, పట్టాలు ఎట్లాగూ ఉన్నయి కద అంటరు. నేనూ శాన రోజులు గట్లనే అనుకున్న. కానీ కాజీపేట–వరంగల్ నడుమ ఉన్నది ఢిల్లీ–చెన్నై మెయిన్ లైన్, బల్లార్షా దిక్కు బండ్లు, సికింద్రాబాద్ దిక్కు బండ్లు, బొగ్గు గూడ్సులు అన్ని అదే దారిల పోవాలె, వాటి నడుమ పది నిమిషాలకొక లోకల్ ఎట్ల దూరుస్తరు? అది పక్కకు పెట్టినా, ఆ పట్టాలు హన్మకొండను తాకనే తాకవు. చౌరస్తాల షాపింగ్‌కు, కేయూకు, నయీంనగర్‌కు పోయేటోడు ఆ ట్రైన్ ఎక్కి ఏం జేస్తడు.

కాకపోతే ఊరి నుంచి ఊరికి ట్రైన్‌ను కొట్టేది లేదు. జనగామ, ఘన్‌పూర్, జమ్మికుంట, మహబూబాబాద్ నుంచి రోజు వచ్చిపోయేటోళ్లకు పొద్దున సాయంత్రం సరిగ్గ టైమ్‌కు నడిచే ప్యాసింజర్లు ఇంకో నాలుగు ఉంటే వాళ్ల బైకులన్నీ హైవే మీదికే రావు. ఈ మెయిన్ లైన్ల మూడో పట్టాల లైన్ పూర్తయితే అడగాల్సింది గివే.

ఊరి లోపటికి నా ఓటు బస్సుకే. చప్పగ ఉంటది, తెలుసు, బస్సుకు రిబ్బన్ కట్ చేస్తే ఎవడు ఫొటో దిగుతడు! కానీ 2023 డిసెంబర్ నుంచి మహాలక్ష్మి కింద ఆడోళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ, రేపు మెట్రో నియోల టికెట్ పెడితే మా అక్క అది ఎక్కుతదా, ఎక్కది. కాజీపేట, నిట్, సుబేదారి, చౌరస్తా, ఎంజీఎం, వరంగల్ స్టేషన్, ఈ లైన్ల అయిదారు నిమిషాలకొక ఎలక్ట్రిక్ బస్సు నడిపితే సగం గోస తీరుతది. రోడ్డు వెడల్పున్న కాడ బస్సుకు సపరేట్ లేన్ ఇయ్యాలె. అహ్మదాబాద్‌ల 2009ల పెట్టిన జన్‌మార్గ్ అనే బస్సు లేన్ ఇప్పటికీ నడుస్తుంది, ఢిల్లీల అసొంటిదే పెట్టి కార్లోళ్లు లొల్లి చేస్తే పీకేసిన్రు, అంటే లేన్ గీసుడు అల్కనే, దాన్ని కాపాడుడే కష్టం.

కరెంటుతోటి నడిస్తే పొల్యూషనే లేదు అనేటోళ్లకు ఒక మాట. ఆ కరెంటు శాన వరకు రామగుండం, భూపాలపల్లి బొగ్గుకెళ్లే వస్తది. ఖాళీగ తిరిగితే మెట్రో అయినా బస్సైనా దండగే, జనం నిండితేనే లాభం. నిండాలంటే ఇండ్లు స్టాప్‌కు నడిచిపోయే దూరంల ఉండాలె, మనోళ్లేమో మెట్రో వస్తదని చెప్పి ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల ప్లాట్లు అమ్ముతున్రు. చెరువు శిఖాలల్ల (నీళ్లు నిలిచే జాగలల్ల), నాలాల మీద కట్టుకుంటే 2020 ఆగస్టుల నయీంనగర్ ఎట్ల మునిగిందో చూసినం కద. అదే రెండు స్టేషన్ల చుట్టుపక్కల పాత జాగలల్ల మూడు నాలుగు అంతస్తుల ఇండ్లు, ముంగట చెట్లున్న ఫుట్‌పాత్ వస్తే మే నెల ఎండల కూడ మనిషి బస్టాప్ దాక నడుస్తడు.

షేర్ ఆటోలోళ్ల పొట్ట కొట్టాలె అంటలేను. మెయిన్ రోడ్డు బస్సుకు ఇడిచి, కాలనీలకెళ్లి స్టాప్ దాక వాళ్లు తిప్పితే వాళ్లకూ గిరాకీ ఉంటది. ముందుగాల రాత్రి తొమ్మిది తర్వాత కాజీపేట స్టేషన్ ముంగట హన్మకొండ బోర్డుతోటి ఒక్క బస్సన్న నిలబెట్టున్రి, మిగిలింది తర్వాత మాట్లాడుకుందం.