గ్లాక్ 19: ఏళ్ల తరబడి నడుముకు పెట్టుకుని తిరిగాక

ఆత్మరక్షణ కోసం బట్టల కింద పెట్టుకునే పిస్టల్ కొనాలనుకునేవాళ్లు ముందు తూటా సైజు గురించి అడుగుతారు. నా లెక్కలో అది చివర చూసుకోవాల్సిన విషయం. లైసెన్సుతో మొదట ఐదు తూటాల చిన్న రివాల్వర్ పెట్టుకున్నాను, తర్వాత కొంతకాలం సిగ్ సావర్ పి365 అనే చిన్న పిస్టల్, ఇప్పుడు చాలా ఏళ్లుగా గ్లాక్ 19. ఈ మూడూ వాడాక నాకు తేలింది ఒక్కటే. ఎంత బాగా దాగుతుందని కాదు, టెన్షన్‌లో చేతులు వణుకుతున్నప్పుడు దీంతో ఎంత సరిగ్గా కాల్చగలం అని చూసి కొనాలి. దాచే సంగతి హోల్‌స్టర్ (నడుముకు తగిలించే పిస్టల్ ఒర), బెల్టు చూసుకుంటాయి.

స్మిత్ అండ్ వెసన్ 642 లాంటి, 38 స్పెషల్ అనే రకం తూటా వాడే రివాల్వర్ అరకిలో కూడా ఉండదు. జేబులో ఉన్నా తెలియదు. బ్యారెల్ రెండు అంగుళాల లోపే కాబట్టి ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం చాలా తక్కువ, చెయ్యి కొంచెం కదిలినా తూటా పక్కకు పోతుంది. ట్రిగ్గర్ బరువుగా, పొడవుగా లాగాలి. తుపాకీ తేలిక కాబట్టి కుదుపంతా అరచేతికే. ఒక పెట్టె తూటాలు కాల్చేసరికి బొటనవేలి మొదట్లో మంట పుడుతుంది. దాంతో ప్రాక్టీస్ మీద మనసు పోదు. ప్రాక్టీస్ చెయ్యబుద్ధి కాని తుపాకీని ఆత్మరక్షణకు నమ్ముకోలేం.

2018లో వచ్చిన పి365 నిజంగా మంచి పని చేసింది. అప్పటిదాకా ఆ సైజు 9 ఎం.ఎం పిస్టళ్లు ఆరేడు తూటాలతో సరిపెట్టేవి, ఇది పది పట్టించింది. మందం అంగుళం చుట్టుపక్కలే. సన్నగా ఉన్నవాళ్లకు, పల్చటి చొక్కాలు వేసుకునేవాళ్లకు ఇప్పటికీ దీన్నే చెబుతాను. నా చేతికి మాత్రం చిన్న మ్యాగజైన్‌తో (పిడిలో దోపే తూటాల డబ్బా) చిటికెనవేలికి పట్టు దొరకలేదు. వరసగా కాల్చినప్పుడు గుండ్లు ఎక్కడెక్కడో పడేవి.

గ్లాక్ 19 తయారీ మొదలైంది 1988లో. పదిహేను తూటాలు, 102 మిల్లీమీటర్ల బ్యారెల్, నిండుగా నింపితే 850 గ్రాముల దగ్గర. వినగానే బరువనిపిస్తుంది. కానీ పిడి మీద మూడు వేళ్లూ నిండుగా కూర్చుంటాయి, రెండో గుండు మొదటిదాని పక్కనే పడుతుంది. చాలామంది పొట్టి బ్యారెల్ కోసం వెతుకుతారు. చొక్కా మీద అచ్చు కనబడేది బ్యారెల్ వల్ల కాదు, పిడి వల్ల. బ్యారెల్ ప్యాంటు లోపలికే పోతుంది. నడుముకు ముందువైపు, పొట్ట దగ్గర పెట్టుకునేవాళ్లకు అది కాస్త పొడవుగా ఉండటమే నయం, పిస్టల్ బయటికి ఒరగకుండా పట్టి ఉంచుతుంది.

హోల్‌స్టర్ కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌దే తీసుకోండి. ట్రిగ్గర్ గార్డు పూర్తిగా మూసుకోవాలి, పిస్టల్ తీశాక కూడా నోరు తెరుచుకునే ఉండాలి. బెల్టు లోపలి వైపు ఆనే చిన్న రెక్క ఉంటే అది పిడిని ఒంటికేసి నొక్కుతుంది, చొక్కా ఉబ్బదు. నేను మొదట్లో కొన్న ఒక మెత్తటి గుడ్డ హోల్‌స్టర్ పిస్టల్ తియ్యగానే ముడుచుకుపోయేది. వెంటనే పక్కన పడేశాను.

ఎందుకంత పట్టింపంటే, మామూలు గ్లాక్‌కు చేత్తో వేసే సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, లేదు. లోపలున్న మూడు సేఫ్టీలూ ట్రిగ్గర్ నొక్కితే వదిలేస్తాయి. లోపలికి దోపేటప్పుడు చొక్కా అంచు గానీ జాకెట్ తాడు గానీ ట్రిగ్గర్‌కు చిక్కితే పేలుతుంది. తియ్యడంలో వేగం ఉండొచ్చు, దోపడంలో ఎప్పుడూ ఉండకూడదు. రెండో చేత్తో చొక్కా పైకెత్తి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా.

ఏళ్లు గడిస్తే గానీ తెలియని సంగతులు కొన్నున్నాయి. రోజూ తూటాను ఛాంబర్‌లోంచి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) తీసి మళ్లీ అదే ఎక్కిస్తుంటే, తూటా కొసనుండే గుండు కొద్దికొద్దిగా కేసు (మందుండే లోహపు గొట్టం) లోపలికి దిగిపోతుంది. పక్కన కొత్తది పెట్టి చూస్తే పొట్టిగా కనబడుతుంది. అలాంటిది పేలిస్తే పీడనం ప్రమాదకరంగా పెరగొచ్చు, అది ఇక వాడకూడదు. ఒంటికి ఆనే వైపు చెమట పడుతుంది కాబట్టి నూనె గుడ్డతో తుడుస్తూ ఉండాలి. ట్రిటియం అనే వాయువుతో చీకట్లో మెరిసే గురిలో వెలుగు పన్నెండేళ్లకు సుమారు సగానికి పడిపోతుంది. ఇంట్లో నడుము మీద లేనప్పుడు తాళం వేసిన పెట్టెలోనే. పిల్లలున్న ఇల్లయితే ఇందులో మినహాయింపే లేదు.

తూటా సంగతికొస్తే, 9 ఎం.ఎం హాలో పాయింట్ (కొసలో గుంట ఉండి, తగిలాక విచ్చుకునే గుండు) చాలు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా ఇంకాస్త పెద్దదైన 40 క్యాలిబర్ తూటా వదిలి దీనికే తిరిగొచ్చింది. వాళ్ల పరీక్షలో, ఒంటి కండకు బదులుగా పెట్టే జెల్ దిమ్మెలో గుండు 12 నుంచి 18 అంగుళాలు దిగాలని చూస్తారు. ఆ కొలత అందుకునే రకాల్లో మీ పిస్టల్‌లో ఇరుక్కోకుండా నడిచేది ఎంచుకోండి. ఒకటి రెండు పెట్టెలు కాల్చి చూడకుండా నమ్మకండి.

కొనేముందు రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చండి. చేయి చిన్నదైతే సన్నటి గ్లాక్ 48 చూడండి. కీళ్ల నొప్పులతో స్లైడ్ లాగలేనివాళ్లకు నేను గ్లాక్ 19 చెప్పను. వాళ్ల కోసం తేలిగ్గా వెనక్కి వచ్చే స్లైడ్‌తో స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ (EZ) ఉంది, దానికి పిడి మీద అదనంగా ఒక సేఫ్టీ కూడా ఉంటుంది.