జిప్సం బోర్డు జాయింట్లు: పేపర్ టేపు, మెష్ టేపు, మూడేళ్ల నా అనుభవం

మా మేడ మీది గదిలో మంచం మీద వెల్లకిలా పడుకుంటే సీలింగులో మూడు చోట్ల నా చూపు ఆగిపోతుంది. ఇంటికొచ్చిన వాళ్లకి అది తెల్లటి కప్పు, అంతే. నాకు మాత్రం ఏ గీత కింద ఏ టేపు ఉందో, ఏది నిలబడిందో, ఏది నన్ను ముంచిందో తెలుసు. పెట్టిన వారానికి ఏ జాయింటైనా అద్దంలాగే ఉంటుంది. అందుకే మూడు వేసవులు, మూడు వానాకాలాలు గడిచాక రాస్తున్నాను.

మాది నెల్లూరు, వేదాయపాళెం. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10. నెత్తి మీద స్లాబు కావడంతో మే నెలలో రాత్రి పదకొండైనా ఫ్యాను వేడి గాలే కొడుతుంది. 2022 వేసవిలో ఫాల్స్ సీలింగ్ పెట్టించాం. ఇనప చట్రం కట్టి జిప్సం బోర్డులు బిగించడం కుర్రాళ్లు ఒకటిన్నర రోజులో ముగించారు. బోర్డుల మధ్య సందులు, అదే జాయింట్లు, టేపు వేసి పూడ్చడానికి "రేపొస్తా సార్" అని వెళ్లిన మేస్త్రికి ఆ రేపు రానే లేదు. ఏదో కల్యాణ మండపం పని తగిలిందని తర్వాత తెలిసింది. నాలుగు రోజులు ఫోన్ చేసి చేసి, విసుగొచ్చి స్టోన్‌హౌస్‌పేటలో ఒక హార్డ్‌వేర్ కొట్టుకి పోయాను.

"చేసేదెవురన్నా?" అన్నాడు కొట్టాయన. నేనే అన్నాను. నా చేతుల వంక ఒకసారి చూసి, "అయితే రెండు రకాల టేపులూ తీసకపో. ఏది కుదిరితే అది" అన్నాడు. పేపర్ టేపు ఒక చుట్ట, దారాల వలలాంటి మెష్ టేపు ఒక చుట్ట, డబ్బాలో వచ్చే పేస్టు ఒకటి, నీళ్లలో కలుపుకునే పొడి బస్తా ఒకటి, ఆరంగుళాల బ్లేడు, పన్నెండంగుళాల బ్లేడు. మొత్తం కలిపినా పెయింటు ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

బోర్డు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, మందం పన్నెండున్నర మిల్లీమీటర్లు. మా గదికి సరిగ్గా అయిదు పట్టాయి. బోర్డు పొడవు వైపు అంచులు ఫ్యాక్టరీలోనే కాస్త పల్చగా దిగి ఉంటాయి. అలాంటి రెండు అంచులు కలిసిన చోట చిన్న లోయలాగా ఏర్పడుతుంది. టేపు, దాని మీద పూసే మందు (పేస్టు గానీ, పొడి గానీ) ఆ లోయలో కూర్చుంటాయి కాబట్టి పైకి ఉబ్బు కనపడదు. మా సీలింగులో అలాంటి పొడుగు గీతలు రెండు, ఒక్కోటి 12 అడుగులు. అడ్డంగా పొట్టి అంచులు కలిసే జాయింట్లు నాలుగు. వాటికి లోయ ఉండదు. అసలు తలనొప్పి అక్కడే.

మొదటి పొడుగు గీతకి మెష్ టేపు వాడాను. వెనక జిగురుంటుంది, లాగి అంటించడమే. పని సులువు కదా అని మురిసిపోయి దాని మీద డబ్బా పేస్టు పూశాను. రెండో గీతకి పేపర్ టేపు, అదే పేస్టు. అడ్డ జాయింట్లలో గోడ పక్క ఉన్న రెండడుగుల చిన్నదానికి మెష్ మీద పొడి కలిపి పెట్టాను. మిగతా మూడింటికీ పేపర్ టేపు. ప్రయోగం చేద్దామని కాదు, ఏది మిగిలితే అది వాడానంతే.

పేపర్ టేపు కొత్తవాడికి ఓపిక నేర్పే వస్తువు. ముందు సందు మీద పేస్టు పరుచుకోవాలి, అది తడిగా ఉండగానే టేపు పెట్టి బ్లేడుతో నొక్కుతూ లాగాలి, అంచుల్లోంచి పేస్టు సన్నగా బయటికి రావాలి. అప్పుడు రోహిణి కార్తె. నిచ్చెన దిగి ఎక్కేలోగా పూసిన పేస్టు పైపొర ఆరిపోతోంది. దాని మీద పెట్టిన టేపు అంటుకున్నట్టే కనిపించి, మర్నాడు నాలుగంగుళాల మేర బుడగై లేచింది. గోరుతో కొడితే డొల్ల చప్పుడు. బ్లేడుతో అంత ముక్కా కోసి తీసి, మళ్లీ పేస్టు దట్టంగా పెట్టి కొత్త ముక్క వేశాను. అప్పట్నుంచీ ఫ్యాను ఆపేసి, రెండడుగుల చొప్పున మాత్రమే పూసుకుంటూ పోయాను. చెమట కళ్లల్లోకి కారుతుంటే మా ఆవిడ కింద నుంచి తువ్వాలు విసిరి, "ఏమండీ, ఆ మేస్త్రికి ఇంకొక్కసారి ఫోన్ చేయకూడదూ" అంది.

మెష్ గీత మాత్రం ఒక గంటలో అయిపోయింది. మొదటి ఏడాదంతా దానికే మార్కులు వేశాను.

2023 మేలో ఒక పొద్దున కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే, ఆ మెష్ గీత మధ్యలో వెంట్రుకంత పగులు కనపడింది. జూన్ దాటేసరికి అయిదడుగులు పాకింది. తప్పు టేపుది కాదు, నేను కట్టిన జోడీది. మెష్ దారాల అల్లిక లాగితే కాస్త సాగుతుంది. డబ్బా పేస్టు నీరు ఆవిరై ఆరేది, ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, బలం కూడా తక్కువ. స్లాబు వేడికి చట్రం రోజూ కాస్త కదులుతుంటే ఆ రెండూ కలిసి సందుని పట్టి ఉంచలేవు. పొడి సంగతి వేరు. అది నీళ్లతో కలిసి రసాయనికంగా గట్టిపడుతుంది, కుంచించుకుపోవడం చాలా తక్కువ. మెష్ మీద మొదట ఎప్పుడూ పొడే పెట్టాలి. పేపర్ టేపు పొడవునా సాగదు కాబట్టి పేస్టుతోనూ నెట్టుకొస్తుంది. ఈ సంగతి బస్తా మీద ఉంది, నేనే చదవలేదు.

పొడి మాత్రం మంచిదా అంటే, మంచిదే గానీ కోపిష్టి. మొదటి గమేళా కలిపినప్పుడు దాదాపు అరగంట పని చేసుకోనిచ్చింది. అడుగున గట్టిపడిన ముక్కలు ఉంటే ఏమవుతుందిలే అని అదే గమేళాలో రెండోసారి కలిపాను. పది నిమిషాల్లో రాయి. పాలకి తోడు వేసినట్టే, పాత ముక్క కొత్తదాన్ని తొందర పెడుతుంది. ఇప్పుడు ప్రతిసారీ గమేళా, బ్లేడు కడిగి తుడిచాకే కలుపుతాను. నీళ్లు ముందు పోసి పొడి పైన చల్లాలి. తిరగేసి చేస్తే ఉండలు కడతాయి.

అడ్డ జాయింట్ల గురించి చెప్పాలి. లోయ లేదు కాబట్టి టేపు మందమంతా పైకే వస్తుంది. నేను అడుగు వెడల్పున పరిచి, గరుకు కాగితంతో రుద్ది, బాగుందనుకున్నాను. రాత్రి ట్యూబ్‌లైటు వేస్తే దుప్పటి కింద తాడు పెట్టినట్టు ఉబ్బు. మా నాన్న పడక కుర్చీలోంచి తలెత్తి, "ఏంది అబ్బయ్యా, అక్కడ పాము పడుకున్నట్టుందే?" అన్నాడు. దాన్ని రెండడుగుల వెడల్పు దాకా, అంచులకి పోయేకొద్దీ పల్చబరుస్తూ మూడు పూతలు వేస్తే గానీ సర్దుకోలేదు. ఫ్యాను పక్కది ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు. పక్క నుంచి టార్చి వేసి చూసుకుంటూ పని చేయాలని అప్పుడు తెలిసింది. ఎదురు వెలుగులో ఏ తప్పూ కనపడదు.

2023 డిసెంబర్లో మిచౌంగ్ తుపాను వచ్చింది. 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మా ఊళ్లో కురిసిన వానకి స్లాబు పగులు ఒకటి కారింది. ఆ నీళ్లు సరిగ్గా రెండో పొడుగు గీత, పొడి పెట్టిన రెండడుగుల అడ్డ జాయింటు కలిసే చోట బోర్డు మీద పడ్డాయి. అంతవరకు మచ్చ లేని పేపర్ టేపు గీత అక్కడ ఉబ్బింది. వేలితో నొక్కితే టీలో ముంచిన బిస్కెట్టులాగా పేస్టు మెత్తగా దిగింది. దాన్ని ఆనుకుని, పొడి కలిపి పెట్టిన జాయింటుకి గోధుమ రంగు మరక తప్ప ఏమీ కాలేదు. పేస్టు ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పొడి ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు. స్లాబు పగులు పూడ్పించాక ఆ అడుగున్నర ముక్క గీకి, పేపర్ టేపుతోనే, ఈసారి కింద పొడి పెట్టి చేశాను. పగిలిన మెష్ గీతని కూడా అప్పుడే తవ్వి, మెష్ మీద పొడితో మళ్లీ వేశాను. రెండూ ఇప్పటిదాకా కదల్లేదు.

పైపూత మాత్రం ఇప్పటికీ పేస్టుతోనే వేస్తాను. పొడిని రుద్దాలంటే భుజాలు పడిపోతాయి. పేస్టు అయితే తడి స్పాంజితోనే సాపు చేయొచ్చు, దుమ్ము లేవదు. కాకపోతే మన తేమకి అది తొందరగా ఆరదు. డిసెంబరు రిపేరులో పల్చటి పూతకే రెండు రోజులు పట్టింది. చేతి వెనక భాగం ఆనించి చూస్తాను. చల్లగా తగిలితే లోపల ఇంకా తడే, రెండో పూత వేయను.

మా పెయింటరు "ఇంత గోలెందుకు సార్, లప్పం పెట్టి లాగేస్తే పోలా" అన్నాడు. తెల్ల సిమెంటు లప్పం గోడ సాపు చేయడానికి బాగుంటుంది, సందుని పట్టుకోవడానికి కాదు. అలా లప్పంతో లాగేసిన హాలు మా వీధిలోనే ఉంది, బోర్డు బోర్డుకీ గళ్లు గీసినట్టు కనపడుతుంది. గోడా సీలింగూ కలిసే మూల కూడా అంతే. అక్కడ నేను గట్టి మందు కూరితే ఆర్నెల్లలో విడిపోయింది. తీసేసి, పెయింటు పట్టే యాక్రిలిక్ సీలెంటు గీశాక ఆ గొడవ పోయింది.

ప్రైమరు ఎగ్గొట్టొద్దు. ఒక మూల నేను ఎగ్గొట్టాను. బోర్డు కాగితం ఒకలా, మందు ఒకలా పెయింటు పీల్చుకుని, రెండు పూతల పెయింటు వేసినా టేపు దారి మసక పట్టీలా కనపడింది.

వచ్చే వేసవికి కింద హాలు చేయాలి. మిగిలిన పొడి బస్తా మూతి బిగించి మెట్ల కింద పెట్టాను గానీ, మొన్న విప్పి చూస్తే సగం ఉండలు కట్టి ఉంది. పారేసి కొత్తది తెచ్చుకుంటాను. మెష్ టేపు చుట్ట జిగురు కూడా ఆరిపోయింది. పేపర్ టేపు చుట్ట మాత్రం ఇంకా సగం ఉంది, దాంతోనే మొదలుపెడతాను.