టీవీలో బొమ్మ రావట్లేదా? "ప్యానెల్ పోయింది" అన్నారని పాతది ఇచ్చేయకండి

కోనసీమలో ఉన్నవాళ్లకీ, గోదావరికి ఇటు పాలకొల్లు, నరసాపురం వైపు ఉన్నవాళ్లకీ ఈ విషయం తెలియాలని రాస్తున్నాను. బొమ్మ రావట్లేదని టీవీని షాపుకి పంపితే, సరిగా చూడకుండానే "ప్యానెల్ (బొమ్మ కనబడే గాజు తెర) పోయిందండి, ఇంక పనికిరాదండి" అని చెప్పి, పాతదాన్ని ఎక్స్‌ఛేంజ్ పేరుతో కారుచౌకగా తీసుకుని, లోపల అతుకులేసిన సెకండ్ హ్యాండ్ టీవీని అంటగట్టే షాపులున్నాయి. మా పిన్నికి సరిగ్గా ఇదే జరిగింది. షాపు పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. కానీ అక్కడ చేసిన పని ఏ ఊళ్లో అయినా చేయగలిగేదే కాబట్టి వివరంగా చెబుతాను.

పిన్ని వాళ్లది రాజోలు దగ్గర పల్లె. 43 ఇంచుల ఎల్‌ఈడీ టీవీ, కొని నాలుగేళ్లు దాటింది. సంక్రాంతి ముందు ఒక సాయంత్రం ఆన్ చేస్తే కంపెనీ లోగో ఒక్క క్షణం మెరిసి తెర నల్లబడిపోయింది. మాటలు మాత్రం వినబడుతూనే ఉన్నాయి. రిమోట్ నొక్కితే ఛానెల్ మారుతోంది, సౌండ్ పెరుగుతోంది. మనవడు అదంతా ఫోన్‌లో వీడియో తీశాడు. టౌన్‌లోని షాపు నుంచి కుర్రాడొచ్చి టీవీని ఆటోలో వేసుకెళ్లాడు. తర్వాత ఫోన్ వచ్చింది. "ప్యానెల్ పోయిందండి పిన్నిగారూ. కొత్తది వేయాలంటే 16 వేలు అవుద్దండి. దానికన్నా మా దగ్గర కంపెనీ రీఫర్బిష్డ్ పీసు ఉందండి. మీ పాతదానికి 1,500 తగ్గించి 11 వేలకి ఇచ్చేస్తామండి." పండక్కి హైదరాబాద్ నుంచి పిల్లలొస్తారు, ఇంట్లో టీవీ లేకపోతే ఎలా అని పిన్ని సరేనంది. పండగ ముందు ఇలాంటి తొందర ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, షాపువాళ్లకి అది బాగా తెలుసు.

శివరాత్రి రాకముందే కొత్తగా తెచ్చిన టీవీలో ఎడమవైపు పైనుంచి కిందకి ఒక ఆకుపచ్చ గీత పడింది. తర్వాత దాని పక్కన నాలుగు వేళ్ల వెడల్పున ఒక పట్టీలాగా గీతలొచ్చాయి. షాపుకి ఫోన్ చేస్తే "మీది సముద్రం దగ్గరి ఊరండి, ఉప్పుగాలికి వస్తాయండి, మా పూచీ లేదండి" అన్నారు.

పాత టీవీ నల్లబడినప్పుడు మనవడు తీసిన వీడియో నేను చూసింది అప్పుడే. చూడగానే విషయం అర్థమైంది, ఎందుకంటే పిన్ని పాత టీవీలో పోయింది ప్యానెల్ కాదు, వెనక లైట్లు.

ఎల్‌సీడీ తెర సొంతంగా వెలగదు. మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేది కూడా ఎల్‌సీడీ టీవీనే. ముందు గాజు ప్యానెల్ ఉంటుంది, అది వెలుతురుని ఎక్కడ ఎంత వదలాలో అంత వదులుతూ బొమ్మని తయారుచేస్తుంది. ఆ వెలుతురు వెనకనున్న ఎల్‌ఈడీ స్ట్రిప్పుల నుంచి రావాలి. పాత టీవీల్లో వాటి స్థానంలో సన్నటి ట్యూబులు ఉండేవి. స్ట్రిప్పుల్లో ఎల్‌ఈడీలు వరసగా ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి. పందిరికి కట్టే సీరియల్ లైట్లలో ఒక్క బల్బు మాడితే ఆ వరసంతా ఆరిపోయినట్టే ఇక్కడా అవుతుంది. లైన్ తెగిందని కరెంటు ఇచ్చే సర్క్యూట్ గమనించి, ఒకటి రెండు సెకన్లలో లైట్లన్నీ ఆపేస్తుంది. లోగో మెరిసి మాయమవడం, ఆ తర్వాత మాటలు వినబడుతూనే ఉండటం చాలావరకూ ఈ లోపానికే గుర్తు.

దీన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు, ఏమీ విప్పక్కర్లేదు. రాత్రి గదిలో లైట్లు తీసేసి, టీవీ ఆన్ చేసి, సౌండ్ వస్తున్నప్పుడు టార్చిని తెరకి దగ్గరగా కాస్త ఏటవాలుగా పట్టుకోండి. ఫోన్ టార్చి చాలు. మెనూ బటన్ నొక్కి, వెలుగుని మెల్లగా జరుపుతూ చూడండి. లోపల మసగ్గా మనుషులు కదులుతున్నా, మెనూ అక్షరాలు కనబడుతున్నా ప్యానెల్ బతికే ఉంది, దానికి బొమ్మ అందుతోంది. పోయింది లైట్లు గానీ, వాటికి కరెంటు ఇచ్చే సర్క్యూట్ గానీ. 43 ఇంచుల టీవీకి స్ట్రిప్పుల సెట్టు, కూలీ కలిపి మా వైపు రెండు మూడు వేలలో అయిపోతుంది. పదహారు వేలకీ రెండు వేలకీ మధ్య తేడా ఈ టార్చి వెలుగులోనే తెలిసిపోతుంది.

టార్చికి ఏమీ కనబడకపోతే మాత్రం ప్యానెలే పోయిందని అనుకోవద్దు. మెయిన్ బోర్డు బొమ్మ పంపకపోవచ్చు, లేదా టీకాన్ అనే చిన్న బోర్డుకి కరెంటు అందకపోవచ్చు. మెయిన్ బోర్డు నుంచి వచ్చే బొమ్మని ప్యానెల్‌కి అర్థమయ్యేలా వరసలు వరసలుగా అందించేది ఆ టీకానే. ఇప్పుడొచ్చే చాలా మోడల్స్‌లో అది మెయిన్ బోర్డులోనే కలిసిపోయి ఉంటుంది. ముఖాలు ఫొటో నెగెటివ్‌లా రావడం, బొమ్మ రెండుగా కనబడటం, తెరలో సగం పోవడం వంటివి దాని వల్లా రావచ్చు, దాని నుంచి ప్యానెల్‌కి వెళ్లే కేబుల్ వదులైనా రావచ్చు, ప్యానెల్ వల్లా రావచ్చు. మీటర్ పెట్టి ఓల్టేజీలు చూసినవాడే ఇందులో ఏదో చెప్పగలడు. వెనక మూత విప్పకుండా, దూరం నుంచి చూసి "ప్యానెల్" అన్నవాడి మాట మాత్రం అస్సలు నమ్మకండి.

వర్షం పడుతున్నప్పుడు బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంటే అది టీవీ లోపమే కాదు. డిష్ సిగ్నల్ వానకి తగ్గిపోతుంది, అంతే. సెట్‌టాప్ బాక్స్ తీసేసి పెన్‌డ్రైవ్‌లో ఒక వీడియో వేసి చూస్తే తేలిపోతుంది.

ఇక గీతల సంగతి. ఇక్కడే మా పిన్నిని రెండోసారి మోసం చేశారు. తెర మీద గీత ఉన్నప్పుడు టీవీ మెనూ తెరవండి. గీత మెనూ మీదుగా కూడా పోతుంటే కేబుల్‌దో సెట్‌టాప్ బాక్స్‌దో తప్పు కాదు, లోపం టీవీలోనే ఉంది. నిలువు గీతలైతే ముందు అనుమానించాల్సింది ప్యానెల్ అంచున అంటించి ఉండే సన్నటి రిబ్బన్లని. మెకానిక్‌లు వాటిని సీవోఎఫ్ అంటారు. ఒక్కో రిబ్బన్ మీద ఒక చిప్ ఉంటుంది, తెరలో కొంత వెడల్పుకి బొమ్మ అందించేది అదే. అందుకే అది చెడితే గీతలు పట్టీలాగా వస్తాయి. రిబ్బన్‌ని గాజుకి వేడితో, ఒత్తిడితో అంటించడానికి బాండింగ్ మెషీన్ ఉంటుంది. సరిగ్గా చేస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది గానీ కొత్త ప్యానెల్‌తో సమానం కాదు.

పిన్ని టీవీని నాకు నమ్మకమున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, నా ఎదురుగానే విప్పించాను. బాండింగ్ కూడా చేయలేదు. గీత వస్తున్న చోట రిబ్బన్ వెనక పెన్సిల్ రబ్బరు ముక్కలు రెండు పెట్టి, టేపు చుట్టి, పైన ఫ్రేమ్ బిగించేశారు. ఫ్రేమ్ నొక్కుతున్నంతకాలం అతుకు తగులుతూ ఉంటుంది, బొమ్మ శుభ్రంగా ఉంటుంది. టీవీ రోజూ వేడెక్కి చల్లారుతుంటే ఆ ముక్క మెత్తబడి జరుగుతుంది, గీత మళ్లీ బయటపడుతుంది. షాపులో పది నిమిషాలు చూపించి అమ్మేయడానికి చేసిన పని ఇది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఆ రబ్బరు ముక్కలే. అవి పెట్టినవాడికి ఆ గీత తిరిగి వస్తుందని కచ్చితంగా తెలుసు.

ఉప్పుగాలి మాట పూర్తిగా అబద్ధం కాదు. అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్లలో చెమ్మ, ఉప్పు కలిసి బోర్డుల మీద పచ్చగా తుప్పు తెస్తాయి, కనెక్టర్లు నల్లబడతాయి. బల్లి దూరి పవర్ బోర్డు షార్టయిన టీవీలు కూడా మన దగ్గర కొత్తేమీ కాదు. కానీ గాలి రబ్బరు ముక్కల్ని లోపల పెట్టి టేపు వేయదు కదా!

ఇంకో కారణం మన చేతిలోనే ఉంది. తెర మీదకి నేరుగా కొలిన్ లాంటివి కొట్టి తుడుస్తారు. ఆ నీళ్లు కిందకి జారి ఫ్రేమ్ లోపలికి పోతాయి, చాలా టీవీల్లో రిబ్బన్లు ఉండేది సరిగ్గా అక్కడే. కొన్నాళ్లకి కింది నుంచి గీతలు మొదలవుతాయి. మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. మరీ మరకైతే గుడ్డని కాస్త తడిపి, గట్టిగా పిండి తుడవండి.

సెకండ్ హ్యాండ్ టీవీ కొనక తప్పదనుకుంటే షాపులో కనీసం గంట సేపు ఆన్‌లోనే ఉంచమని అడగండి. వేడెక్కాక బయటపడే లోపాలు పది నిమిషాల్లో కనబడవు. వాళ్లు పెట్టే మెరుపుల డెమో వీడియోలు వద్దు. మీరే పెన్‌డ్రైవ్‌లో పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫొటోలు వేసుకెళ్లండి. తెల్ల తెర మీద ఒకచోట గుండ్రంగా ప్రకాశవంతమైన మచ్చలుంటే ఎల్‌ఈడీల మీద ఉండే లెన్స్‌లు ఊడిపోయాయని అర్థం. ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పసుపుగా ఉంటే స్ట్రిప్పులు కొన్నే మార్చారు, లేదా పాతవి అరిగిపోయాయి. చిన్న అక్షరాలున్న పేజీ ఒకటి పెట్టి దగ్గర్నుంచి చూడండి. ప్యానెల్ లోపల షార్టయిన సిగ్నల్ లైన్లని కత్తిరించేసి బొమ్మ తెప్పించే పద్ధతి ఒకటుంది, మెకానిక్‌లు సీకేవీ కటింగ్ అంటారు. అలా చేసిన టీవీలో దూరం నుంచి బొమ్మ బాగానే ఉంటుంది గానీ అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనబడొచ్చు. వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉన్నాయా, సెట్టింగ్స్‌లో చూపించే మోడల్ పేరుతో కలుస్తున్నాయా అన్నది కూడా చూడండి. పైన పెద్ద కంపెనీ పేరు, లోపల మెనూలో ఇంకేదో పేరు ఉంటే కొనొద్దు.

బాగుచేయడానికి ఇచ్చేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. లైట్లు మార్చాలంటే ఆ పల్చటి గాజు ప్యానెల్‌ని పూర్తిగా పైకెత్తి పక్కన పెట్టాలి. ఇద్దరు మనుషులు, చదునైన బల్ల లేకుండా ఒక్కడే ఎత్తితే మూల పగలొచ్చు, రిబ్బన్ చిరగొచ్చు. అప్పుడు నిజంగానే ప్యానెల్ పోతుంది, అది ముందే పోయిందని మీతో చెబుతారు. అందుకే ఇచ్చేముందు తెర నాలుగు మూలలూ, వెనక స్టిక్కరూ, లోపం ఎలా ఉందో, టార్చి వేస్తే ఏం కనబడిందో అన్నీ వీడియో తీయండి. కుదిరితే ఇంటి దగ్గరే విప్పమనండి, లేదా మీరూ షాపుకి వెళ్లండి. ప్యానెల్ పోయిందంటే "ఏది చూసి చెబుతున్నారు, చూపించండి" అని అడగండి. పాతది ఎక్స్‌ఛేంజ్‌కి ఇచ్చేముందు ఇంకొక మెకానిక్‌తో చూపించండి. మీరు మాత్రం వెనక మూత విప్పొద్దు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా పవర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో మూడొందల ఓల్ట్‌లకి పైగా నిలిచి ఉండొచ్చు, తగిలితే ప్రాణం మీదకొస్తుంది.

పిన్నికిచ్చిన బిల్లు చూస్తే బాధేసింది. తెల్ల కాగితం మీద "టీవీ 1" అని, కింద మొత్తం రాసి ఉంది, ఇంకేమీ లేదు. మీరు మాత్రం కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, సెకండ్ హ్యాండ్ అన్న మాట, ఎన్ని నెలల వారంటీ, దేనికి వారంటీ, పాత టీవీకి ఎంత తగ్గించారు, ఇవన్నీ రాసి సంతకం పెట్టిన బిల్లే తీసుకోండి. డబ్బు ఫోన్‌పే లాంటి దాంట్లో పంపితే ఆధారం ఉంటుంది. పిన్ని అలాగే పంపింది కాబట్టి ఇప్పుడు మా చేతిలో ఏదో ఒకటి ఉంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వేయాలి, ఐదు లక్షల్లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు. ఫిర్యాదు సంగతి తెలిశాక షాపువాళ్లే ఫోన్ చేసి ఐదు వేలు వెనక్కిస్తామన్నారు. మా పాత టీవీ తిరిగిమ్మన్నాం. అమ్మేశామన్నారు. ప్యానెల్ పోయిందన్న టీవీ ఎలా అమ్మారని అడిగితే సమాధానం లేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు.

మీ ఇంట్లో టీవీ ఇలా నల్లబడి ఉంటే షాపుకి పంపేముందు వీడియో తీసి ఇక్కడ పెట్టండి. ఆన్ చేసిన క్షణం నుంచి నిమిషం పాటు తీయండి, మధ్యలో టార్చి వేసి మెనూ నొక్కండి, వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబర్ కూడా కనబడాలి. సీరియల్ నంబర్ మాత్రం కనబడకుండా కప్పేయండి. చూసి నాకు తెలిసినంత చెబుతాను. ఇక్కడ ఇంకా మంచి మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లు కూడా చెబుతారు.