అయిదేళ్ల వాడకం తర్వాత: ఇంటికి దర్జా తెచ్చినవి, తేలిపోయినవి

చిన్న ఖర్చుతో ఇంటికి దర్జా తెస్తామనే మార్పుల అసలు రంగు మొదటి నెలలో బయటపడదు. బిగించిన రోజు అన్నీ మెరుస్తాయి. రోజూ తుడిచే తడిగుడ్డ, వంటగది ఆవిరి, కిటికీలోంచి పడే ఎండ, పిల్లల చేతులు, వీటన్నిటినీ నాలుగైదేళ్లు తట్టుకున్నాక కదా ఏది పనికొచ్చిందో తేలేది. ఇక్కడ చెప్పేవన్నీ అలా అయిదేళ్లుగా రోజువారీ వాడకంలో నలిగినవే. కొన్ని ఇప్పటికీ ఉన్నాయి, కొన్నిటిని పీకేయాల్సి వచ్చింది. పాతదాన్ని కప్పిపుచ్చడానికి తెచ్చినవి దాదాపు అన్నీ పోయాయి. వెలుగును, అంచులను, చేయి తగిలే చోట్లను సరిచేసినవి నిలిచాయి.

దీపాలు

పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇక్కడే. గది నడినెత్తిన ఒకే తెల్లటి దీపం ఉంటే వెలుగంతా పైనుంచే పడుతుంది. ముఖాల మీద కళ్ల కింద నీడలు, మూలల్లో చీకటి. ఎంత మంచి సోఫా వేసినా ఆ గది ఆఫీసు వరండాలాగే ఉంటుంది. ఆ వెలుగును మూడు చోట్లకు పంచాలి: కూర్చునే చోటు పక్కన ఒక టేబుల్ ల్యాంపు, దానికి ఎదురు మూలలో నేల మీద నిలబెట్టే ల్యాంపు, అల్మరా అర కింద ఎల్ఈడీ పట్టీ. నడినెత్తి దీపాన్ని తీసేయనక్కర్లేదు. ఇల్లు ఊడ్చేటప్పుడు, పడిపోయింది వెతికేటప్పుడు అదే కావాలి.

బల్బు డబ్బా మీద మూడు అంకెలు చూడాలి. మొదటిది కెల్విన్, అంటే వెలుగు పసుపు వైపుందో నీలం వైపుందో చెప్పే అంకె. హాలుకు, పడగ్గదికి 2700, వంటగట్టు మీదకు 3000 నుంచి 4000 దాకా సరిపోతుంది. 6500 కెల్విన్ నీలం తిరిగిన తెలుపు, ఇంట్లో సాయంత్రానికి అది పనికిరాదు. ఒకే గదిలో 2700 ఒకటి, 4000 ఒకటి కలిపితే గోడ ఒకవైపు పసుపుగా, ఇంకోవైపు పాలిపోయినట్టుగా కనిపిస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. రెండోది ల్యూమెన్లు, అంటే బల్బు ఎంత వెలుగిస్తుందో చెప్పే అంకె. పాత 60 వాట్ల బల్బు వెలుగు సుమారు 800 ల్యూమెన్లు. పక్కన పెట్టుకునే ల్యాంపుకు 400, 500 చాలు. మూడోది సీఆర్‌ఐ, అంటే ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. చాలా బల్బులు 80 దగ్గర ఆగిపోతాయి. 90 దాటినవి కొంచెం ఖరీదెక్కువ, కానీ చర్మం, చెక్క, ఎర్రటి బట్ట వీటి మీద తేడా వెంటనే తెలుస్తుంది. అన్ని గదులకూ కొనలేకపోతే మనుషులు కూర్చునే చోటికైనా 90 తెచ్చుకోండి.

ఎల్ఈడీ పట్టీలతో మూడు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, చుక్కలు చుక్కలుగా కనిపించడం. మెరిసే రాతి గట్టు మీద అయితే ఆ చుక్కలు కింద కూడా ప్రతిబింబిస్తాయి. పాలరంగు మూత ఉన్న అల్యూమినియం చానెల్‌లో పెడితే, లేదా చుక్కలు కనిపించని సీఓబీ రకం తెస్తే ఇది పోతుంది. రెండు, వెనకున్న జిగురు వదిలేసి పట్టీ వేలాడటం. తప్పు జిగురుది మాత్రమే కాదు. కింద నూనె జిడ్డు ఉండటం, పట్టీ వేడి బయటికి పోయే దారి లేకపోవడం అసలు కారణాలు. అతికించే చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చానెల్‌ను స్క్రూలతో బిగించి, పట్టీని చానెల్‌లో అతికిస్తే అల్యూమినియమే వేడిని లాగేస్తుంది. చానెల్‌లో పెట్టినవి అయిదేళ్లయినా కదల్లేదు. చెక్క మీద నేరుగా అతికించినవి రెండేళ్లు తిరక్కుండానే జారాయి. మూడు, పట్టీ చివర వెలుగు తగ్గడం. 12 వోల్టుల పట్టీని 5 మీటర్లు దాటించి ఒకే వైపు నుంచి కరెంటు ఇస్తే వోల్టేజి పడిపోతుంది. అదే వాట్లకు 24 వోల్టులలో కరెంటు సగమే పారుతుంది కాబట్టి ఈ బాధ బాగా తగ్గుతుంది. అడాప్టర్‌ను ఎప్పుడూ అంచుకు లెక్కేసి కొనకూడదు. మీటరుకు 10 వాట్ల పట్టీ 4 మీటర్లుంటే 40 వాట్లు. దానికి 50 వాట్ల అడాప్టర్ తీసుకోవాలి. అర కింద పట్టీని గోడ వైపు కాకుండా ముందంచు దగ్గర పెట్టండి. అప్పుడే కూరగాయలు కోసే పలక మీద వెలుగు పడుతుంది.

వెలుగును పెంచి తగ్గించే డిమ్మర్ పెట్టడం మంచి ఆలోచనే, కానీ పాత బల్బుల కాలంనాటి డిమ్మర్‌కు ఎల్ఈడీలు తగిలిస్తే దీపాలు వణుకుతాయి, గుయ్యిమంటాయి. పాతవాటికి కనీసం ఇన్ని వాట్ల భారం ఉండాలనే షరతు ఉంటుంది. 7 వాట్ల బల్బులు నాలుగు కలిపినా 28 వాట్లే. ఎల్ఈడీలకు సరిపడే ట్రెయిలింగ్ ఎడ్జ్ రకం డిమ్మర్, డిమ్మబుల్ అని డబ్బా మీద రాసి ఉన్న బల్బు, రెండూ ఉంటేనే పని జరుగుతుంది. వైరింగు చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, దీంట్లో ప్రయోగాలు వద్దు.

కర్టెన్లు

బట్ట ఖరీదు కంటే కొలతే ముఖ్యం. రాడ్డును కిటికీ చట్రం మీద ఆనించి బిగిస్తే కిటికీ చిన్నదవుతుంది, గది కప్పు కిందికి దిగినట్టుంటుంది. చట్రానికి 6 అంగుళాలు పైన, వీలైతే కప్పుకు ఇంకా దగ్గరగా బిగించాలి. రెండు పక్కలా 8 నుంచి 10 అంగుళాలు బయటికి రావాలి. తెరిచినప్పుడు బట్ట గోడ మీదకు జరిగిపోయి అద్దమంతా బయటపడుతుంది, కిటికీ నిజంగానే పెద్దదనిపిస్తుంది.

బట్ట వెడల్పు రాడ్డు పొడవుకు కనీసం రెండింతలు ఉండాలి. 6 అడుగుల రాడ్డుకు 12 అడుగుల బట్ట, పలచటి బట్టైతే రెండున్నర రెట్లు, అంటే 15 అడుగులు. ఇంతకు తగ్గితే కుచ్చిళ్లు పడవు, మూసినప్పుడు దుప్పటి ఆరేసినట్టు చదునుగా ఉంటుంది. ఖరీదైన బట్ట ఒకటిన్నర రెట్లు కొనేకంటే మామూలు బట్ట రెండున్నర రెట్లు కొనడమే నయం. రింగుల రంధ్రాలు సరిసంఖ్యలో ఉండాలి, అప్పుడే రెండు చివర్లూ గోడ వైపు మడుచుకుంటాయి. రెడీమేడ్‌వి కొనేటప్పుడు ఇది లెక్కపెట్టి చూసుకోండి.

నూలు, లినెన్ బట్టను ఒకసారి ఉతికి ఆరేశాకే కుట్టించాలి. లేకపోతే మొదటి ఉతుక్కే పొట్టిదవుతుంది. నేల నుంచి 1 సెంటీమీటరు పైన ఆగిన కర్టెన్ అందంగా ఉంటుంది. అదే 4 అంగుళాలు పైన ఆగితే అన్నగారి ప్యాంటు తమ్ముడు పొడుగయ్యాక కూడా వేసుకున్నట్టుంటుంది. కింద మడత 3, 4 అంగుళాలు రెండు పొరలుగా వేస్తే ఆ బరువుకు బట్ట నిటారుగా పడుతుంది. రాడ్డు 5 అడుగులు దాటితే మధ్యలో మూడో బ్రాకెట్ తప్పనిసరి. మొదట్లో వంగదు, ఏడాది తిరిగేసరికి నడుం జారుతుంది. ఎండ నేరుగా పడే కిటికీకి లైనింగు వేయించకపోతే మడతల బయటి వైపు మాత్రమే వెలిసి చారలు పడతాయి. లైనింగు ఉన్నవి రంగు నిలబెట్టుకున్నాయి, లేనివి మూడేళ్లకే మార్చాల్సి వచ్చింది.

కప్‌బోర్డు హ్యాండిళ్లు, హింజ్‌లు

రోజుకు ఇరవైసార్లు చేయి తగిలే వస్తువు హ్యాండిల్. చేతికి బరువుగా, నున్నగా తగిలితే పాత తలుపు కూడా కొత్తదవుతుంది. కొనేముందు పాత హ్యాండిల్ రెండు రంధ్రాల మధ్య దూరం, కేంద్రం నుంచి కేంద్రానికి, మిల్లీమీటర్లలో కొలవండి. ఎక్కువగా 96 లేదా 128 ఉంటుంది. అదే కొలతవి తెస్తే డ్రిల్లుతో పనే ఉండదు. కొత్త రంధ్రాలు తప్పకపోతే అట్టముక్క మీద అచ్చు తయారుచేసుకుని ప్రతి తలుపుకూ దాన్నే వాడండి. ఒక్కొక్కటీ విడిగా కొలిస్తే ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, వరుసలో నిలబడి చూసే కంటికి అది దొరికిపోతుంది. లామినేట్ మీద టేపు అతికించి, తలుపు వెనక చెక్కముక్క అదిమిపట్టి రంధ్రం వేస్తే అంచులు పగలవు.

స్క్రూలు చాలావరకు ఎం4, అంటే 4 మిల్లీమీటర్ల లావువి. 18 మిల్లీమీటర్ల మందం తలుపుకు 25 మిల్లీమీటర్ల పొడవు సరిపోతుంది. ముందు పలక, లోపలి పలక రెండూ ఉన్న సొరుగుకు ఇది చాలదు. రెండు పలకల మందం కొలిచి దానికి 6, 7 మిల్లీమీటర్లు కలపాలి. మరీ పొడవైతే స్క్రూ లోపల అడుక్కు తగిలి హ్యాండిల్ ఎప్పటికీ వదులుగానే ఉంటుంది. ఒకే స్క్రూతో బిగించే గుండ్రటి పిడులు కాలం గడిచేకొద్దీ తిరిగిపోతాయి. బరువైన సొరుగులకు వద్దు.

బంగారు రంగు పలచటి పూతవి ఏడాదిన్నరకే వేళ్లు తగిలే చోట తెల్లబడ్డాయి. నికార్సైన ఇత్తడివి నల్లబడతాయి కానీ తోమితే మళ్లీ మెరుస్తాయి. పీవీడీ అనే గట్టి లోహపు పూత ఉన్నవి ఇప్పటికీ గీత లేకుండా ఉన్నాయి. ఏదైనా సరే, బాత్‌రూము యాసిడ్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ, అంతే.

హింజ్‌ల సంగతి దీనికంటే ముఖ్యం, ఎవరూ పట్టించుకోరు. తలుపుల మధ్య సందు ఒకచోట 2 మిల్లీమీటర్లు, ఇంకోచోట 6 ఉంటే ఏ హ్యాండిలూ ఆ లోపాన్ని దాచలేదు. తలుపు వెనక 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలో కూర్చునే మామూలు హింజ్‌కు సర్దుబాటు స్క్రూలు ఉంటాయి: ఒకటి పక్కలకు, ఒకటి ముందు వెనకలకు జరుపుతుంది. ఎత్తు సర్దేందుకు హింజ్‌ను కప్‌బోర్డు పక్కపలకకు పట్టి ఉంచే అడుగుపలక స్క్రూలు వదులు చేయాలి. స్క్రూడ్రైవర్‌తో ఒక మధ్యాహ్నం కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా సందులన్నీ సమానమవుతాయి. తలుపు చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ హింజ్‌లు వేయదలిస్తే తలుపు పక్కపలకను పూర్తిగా కప్పుతోందా, సగమే కప్పుతోందా, లోపల కూర్చుందా చూసి ఆ రకమే తీసుకోండి. రకం తప్పితే తలుపు మూసుకోదు. పార్టికల్ బోర్డులో స్క్రూ రంధ్రం అరిగిపోతే పొడవు స్క్రూతో సరిపెట్టకండి. కలప జిగురు పూసిన పుల్లలు బిగువుగా దూర్చి, ఒక రోజు ఆరనిచ్చి, పైకి వచ్చిన ముక్కను కోసేసి మళ్లీ స్క్రూ ఎక్కించాలి.

సిలికాన్ అంచు

బాత్‌రూములో వాష్‌బేసిన్ చుట్టూ, వంటగట్టు గోడను కలిసే చోట, నీళ్లు దిగకుండా సందులో నింపే సిలికాన్ నల్లబడి ఉంటే ఇంకేం మార్చినా లాభం లేదు. పాతదాని మీద కొత్తది పూయడం శుద్ధ దండగ, సిలికాన్‌కు సిలికాన్ పట్టుకోదు. పాతది పూర్తిగా గీరేసి, ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక, సందుకు రెండు పక్కలా మాస్కింగ్ టేపు వేయండి. సిలికాన్ పిండి, ఒకే ఊపులో వేలితో లాగి, అది గట్టిపడకముందే టేపు పీకాలి. ఆలస్యమైతే అంచు చిరుగుతుంది. 24 గంటలు నీళ్లు తగలనివ్వకూడదు. పుల్లటి వాసన వచ్చే రకాన్ని పాలరాయికి, నిలువుటద్దం వెనక్కి వాడొద్దు. అద్దం వెనక వెండిపూత తిని నల్లమచ్చలు వస్తాయి. వాటికి ఆ పుల్లటి వాసన లేని న్యూట్రల్ రకం తీసుకోవాలి.

పీకేయాల్సి వచ్చినవి

రాయిలా కనిపించే అంటించే షీటు వంటగట్టు మీద ఆరు నెలలు బాగుంది. తర్వాత సింకు అంచున నీళ్లు కిందికి దిగి ఉబ్బింది, వేడి గిన్నె పెట్టిన చోట ముడుచుకుంది. పీకితే జిగురు మిగిలింది, అది వదిలించడం షీటు అతికించడం కంటే పెద్ద పని. పొయ్యి వెనక అతికించే టైల్ స్టిక్కర్లు ఇంకా ప్రమాదం, ప్లాస్టిక్కును మంట దగ్గర పెట్టకూడదు. అంటించే వాల్‌పేపర్ తేమ గోడ మీద అంచుల దగ్గర లేచిపోయింది. అది బతికిన ఒకే ఒక్క చోటు పుస్తకాల అల్మరా లోపలి వెనక పలక: పొడిగా ఉంటుంది, చేయి తగలదు. కొత్తగా రంగు వేసిన గోడకైతే మూడు నాలుగు వారాలు ఆగి అతికించండి, లేదంటే పీకేటప్పుడు రంగు కూడా ఊడొస్తుంది.

మిగిలినవి

తివాచీ చిన్నదైతే గది మధ్యలో తేలుతున్నట్టుంటుంది. సోఫా ముందుకాళ్లయినా దాని మీదకు ఎక్కాలి. కింద జారకుండా పరిచే రబ్బరు వినైల్ నేలకు మరక పెడుతుంది, అక్కడ వేరే రకం చూడాలి. గోడ పటం మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే చూడటానికి మెడ ఎత్తనక్కర్లేదు. నిలువుటద్దం కిటికీని చూపించేలా పెడితేనే ఉపయోగం. దాని బరువు ముందే లెక్కవేయండి: గాజు ప్రతి మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు 2.5 కిలోలు. 60 × 120 సెంటీమీటర్ల 5 మిల్లీమీటర్ల అద్దం 9 కిలోలు, చట్రం అదనం. రెండువైపులా అంటుకునే టేపు మీద దాన్ని వదలకూడదు. గోడ రకానికి తగిన ప్లగ్గులు, రెండు కొక్కేలు కావాలి, రసమట్టం పెట్టి చూసుకుని బిగించాలి.

దుప్పట్ల మీద చదరపు అంగుళానికి వెయ్యి దారాలని రాసి ఉంటే మురిసిపోవద్దు. పురిపెట్టిన దారంలోని పోగులను విడివిడిగా లెక్కేసి ఆ అంకె పెంచుతారు. పొడవు పోగు నూలుతో నేసిన 200 నుంచి 400 మధ్యవే ఉతికేకొద్దీ మెత్తబడ్డాయి. తువాళ్లు 500 నుంచి 600 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు, ఉంటే చాలు. అంతకు మించితే ఆరవు, ఆరకపోతే ముక్కవాసన పడుతుంది. వాటికి ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి. అది పోగుల మీద పొరలా పేరుకుని నీళ్లు పీల్చనివ్వదు. మెత్తగా ఉంటుంది, ఒళ్లు మాత్రం తుడవదు. ఇప్పటికే అలా అయిన తువాళ్లను సబ్బు లేకుండా వేడినీళ్లలో రెండుమూడుసార్లు ఉతికితే చాలావరకు దారికొస్తాయి.