తిరుపతిలో అమ్మకు కీమో, డేకేర్ వార్డు మీద నా రివ్యూ

ఆసుపత్రి పేరు రాయను, ఎందుకంటే ఇందులో తిట్లు కూడా ఉన్నాయి, పైగా ప్రతి మంగళవారం ఆ సిస్టర్ల దగ్గరికే పోవాలి. మాది చిత్తూరు. క్యాన్సర్ అంటే చాలు వేలూరు సీఎంసీకి బస్సెక్కడం మా వైపు అలవాటు. ఇప్పుడు తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టులూ టీటీడీ కలిసి పెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది, ప్రైవేటువీ ఉన్నాయి, మా చెల్లెలి కాపురం కూడా అక్కడే, కాబట్టి తిరుపతే అనుకున్నాం.

అమ్మకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక కీమో కోసం మొదట చూపించిన చోట పది నిమిషాల్లో చీటీ మీద 6 కీమోలు అని రాసి, కింద ప్యాకేజీ రేటు వేసి చేతికిచ్చారు. హెర్2 (గడ్డలో ఆ ప్రోటీన్ ఎక్కువుందా లేదా అనే టెస్టు) సంగతి ఇంకా తేలలేదు కదా సార్ అంటే, అది వచ్చాక చూద్దాం, ముందు అడ్వాన్సు కట్టండి అన్నారు. నాకు అక్కడే కాలింది. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ అనే మందు దాదాపు ఏడాది ఎక్కించాలి, లెక్కంతా మారిపోతుంది. అది తేలకుండానే ప్యాకేజీ చెప్పడానికి ఇదేమన్నా పెళ్లి భోజనాలకు ఆకు రేటా?

రెండో చోట, అంటే ఇప్పుడు పోతున్న చోట, డాక్టరమ్మ ముందు ఆ రిపోర్టే అడిగింది. 2 ప్లస్ అని ఉంది, అంటే ఎటూ తేలనట్టు. దాన్ని తేల్చే ఫిష్ అనే జీన్ టెస్టుకు పంపితే నెగెటివ్ వచ్చింది. అప్పుడు పాత ఈసీజీ కాగితం వెనక గీత గీసి, ఒక పక్క ఏసీ అనే రెండు మందుల కీమో 4 సార్లు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున ప్యాక్లిటాక్సెల్ అనే మందు 12 సార్లు అని, ఇంకో పక్క టీసీ అనే వేరే రెండు మందుల కీమో 21 రోజులకొకటిగా 4 సార్లు అని రాసింది. ఏసీలో ఉండే ఎర్రమందు, అదే అడ్రియామైసిన్, గుండె మీద పడొచ్చు, అందుకే ముందే ఎకో తీయాలంట. టీసీలో ఆ మందు లేదు. ప్యాక్లిటాక్సెల్‌తో చేతులూ అరికాళ్లూ తిమ్మిర్లెక్కుతాయి, అమ్మకు షుగర్ కాబట్టి అది ఇంకాస్త ఎక్కువ కావచ్చు, దానికి ముందు వేసే స్టెరాయిడ్‌తో షుగరూ పెరుగుతుంది. ఇదంతా చెప్పి, చంకలో తీసిన గ్రంథుల్లో 4 పాజిటివ్, అంటే వాటికీ క్యాన్సర్ పాకింది, ఎకో బాగుంది, నన్నడిగితే మొదటిదే మేలు, ఇంటికి పోయి మాట్లాడుకుని రండి అంది. అమ్మ అడిగింది ఒక్కటే: "జుట్టు దేంట్లో పోదు మేడమ్?" రెండింట్లోనూ పోతుందంట. "అట్లయితే పెద్దదే ఎక్కించండి" అంది అమ్మ.

రెండో ఏసీకి పోయేలోపే జుట్టంతా ఊడింది. బస్టాండులో ఒకామె "కొండకు పోయొచ్చినారా అక్కా" అంటే "ఆ, ఇచ్చేసినా" అనేసి, ఎక్కడ లడ్డు అడుగుతుందోనని నా వెనక్కి జరిగింది.

ఇక వార్డు. ఎర్రమందు వేసే సిస్టర్ పక్కనే కూర్చుని, సెలైన్ పోతుండగా సిరంజితో కొంచెం కొంచెంగా తోస్తూ, మంటగా ఉందా అమ్మా అని అడుగుతూనే ఉంది, చూపు నరం మీద నుంచి తిప్పలేదు. ఒంటేలు ఎర్రగా వస్తుంది, భయపడొద్దని కూడా ముందే చెప్పింది. లేకపోతే ఆ రాత్రి మా ఇంట్లో ఏడుపులే.

తిట్లు ఇప్పుడు. టోకెన్ 8 గంటలకు, డ్రిప్ పెట్టేది 12కి. రక్తం రిపోర్టు రావాలి, మందు కలపాలి, సరే, ఆ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదా. తోడొచ్చిన వాళ్లకు ఒక స్టూలైనా లేదు. అన్నిటికంటే ఘోరం ఫోన్. జ్వరం 100.4 దాటితే వెంటనే ఫోన్ చేయమని కార్డు మీద రాసిచ్చారు, మూడో ఏసీ తర్వాత ఒక ఆదివారం రాత్రి 101 వస్తే ఐదుసార్లు చేశాను, ఎత్తితే ఒట్టు. ఆటోలో నేరుగా క్యాజువాలిటీకి తీసుకుపోయాం. తెల్లకణాలు బాగా పడిపోయాయి, మూడు రోజులు అడ్మిషన్. మీకూ అట్లా అయితే ఫోన్ పట్టుకుని కూర్చోవద్దు, బయల్దేరండి.

డాక్టరమ్మకూ సిస్టర్లకూ ఐదుకు ఐదు, ఆ ఫోన్‌కు సున్నా. ప్యాక్లిటాక్సెల్ ఇప్పటికి 7 అయ్యాయి. వార్డులో ఏసీ మిషన్ చలి చంపేస్తుంది, దుప్పటి తెచ్చుకోండి. పెరుగన్నం కూడా, క్యాంటీన్ ఇడ్లీ తినలేం.